సోషల్ సారు, బురుజు కింద పాతర

మా సోషల్ సారు పోయారన్న సంగతి నాకు బడిలోనే తెలిసింది. రెండో పీరియడ్ నడుస్తోంది. అటెండర్ తలుపు దగ్గర నిలబడి, "మాస్టరూ, పాత సోషల్ సారు పోయిండట. పొద్దుగాల దవాఖానకు తోలుకపోతుంటె తొవ్వలనే పానం పోయిందట" అన్నాడు. నేను అప్పుడు ఏడో తరగతికి బోర్డు మీద కుండ బొమ్మ గీస్తున్నాను. వెంటనే సుద్దముక్క కింద పెట్టలేదు. కుండకు అంచు గీసి, నీడ కూడా వేసి, అప్పుడు చేతులు దులుపుకున్నాను.

సాయంత్రం సంతాప సభ పెట్టారు. హెడ్మాస్టరు గారు సారును క్రమశిక్షణ గల ఉపాధ్యాయుడన్నారు, ఏనాడూ ఆలస్యంగా రాలేదన్నారు. రెండు నిమిషాల మౌనం అని చెప్పి ఒక నిమిషానికే గంట కొట్టించారు. సిద్దిపేట చుట్టుపక్కల ఇరవై ముప్పై ఊళ్ళ బురుజులు ఎక్కి దిగి, ఏ రాయి కింద ఎవరు దాక్కున్నారో రాసిపెట్టుకున్న మనిషి గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. చివరి బెంచీలో కూర్చొని లేచి వచ్చాను. అక్కడ చెప్పవలసింది ఇక్కడ రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నేను ఆ బడికి డ్రాయింగ్ మాస్టరుగా వచ్చాను. చేరిన వారానికే సారు స్టాఫ్ రూములో నా పక్కన కూర్చొని, "మాస్టరూ, మీకు రాయిని చూసి రాయి లెక్కనే గీయొస్తదా?" అని అడిగారు. వస్తుందన్నాను. "అయితే ఆయితారం సైకిలు తీస్కొని రాండ్రి" అన్నారు. అట్లా మొదలైంది. నాలుగేళ్ళపాటు చాలా ఆదివారాలు మేమిద్దరం పల్లెల వెంట తిరిగాం.

సారు వెతికేది నిజాం పాలన చివరి రోజుల గుర్తుల కోసం. జనం రజాకార్ల రోజులు అనే ఆ కాలంలో ఊళ్ళ మీద దాడులు జరిగేవి. మనుషులు బురుజుల మీద రాళ్ళు విసిరే వడిసెలలు పట్టుకొని కాపలా కాసేవాళ్ళు. ఆడవాళ్ళూ పిల్లలూ గుట్టల్లోని గుహల్లోనో, ధాన్యం దాచే పాతరల్లోనో దాక్కునేవాళ్ళు. "పుస్తకంల పానిపట్టు యుద్ధం ఉన్నది. పక్క ఊరి బురుజుకు గుండు తగిలి పెచ్చు లేసింది, అది ఏ పుస్తకంల లేదు. మరి మన పిల్లలు దేన్ని చూసి నేర్చుకోవాలె?" అనేవారు.

ఆయన పద్ధతులు ఆయనవి. ఏ ఊరికి పోయినా బురుజు సంగతి మొదట అడిగేవారు కాదు. మంచినీళ్ళు అడిగేవారు. ఇచ్చినవాళ్ళ అరుగు మీద కూర్చొని, వాన పడ్డదా, బావిల నీళ్ళు ఎంత లోతున్నయి అని మాట్లాడి, వాళ్ళంతట వాళ్ళు "ఏం పని మీద వచ్చిన్రు సారూ" అన్నాక అప్పుడు చెప్పేవారు. ఏ గుంతలోకి దిగాలన్నా ముందు తాడు కట్టిన కందిలి దీపం దించి, అది ఆరకుండా ఉంటేనే కాలు పెట్టేవారు. నన్ను ఎప్పుడూ ముందు దిగనిచ్చేవారు కాదు. "నాకేమన్నయితే బొమ్మ ఆగదు. మీకేమన్నయితే బొమ్మ ఎవరు గీస్తరు?" అని నవ్వేవారు. కొలతలు ఆయన చెప్పేవారు, నేను గీసేవాణ్ణి. రాయి పక్కన లేని చెట్టును అందం కోసం పెడితే రబ్బరు నా చేతికిచ్చేవారు. "ఉన్నది గీయాలె మాస్టరూ. ఉంటె బాగుండు అనుకున్నది కాదు."

చిన్నకోడూరు దాటి లోపలికి పోతే ఒక ఊరుంది. దాని పేరు రాయను. రాయకపోవడం జాగ్రత్త అని నాకు నేను చెప్పుకుంటున్నాను గానీ, పిరికితనమే. ఆ ఊరి బురుజు మొదట్లో ఒక పాతర ఉందని ఎవరో చెబితే ఒక ఎండాకాలం పోయాం. పైన అంతా కంపచెట్లు, కూలిన మెట్లు. ఇద్దరు కూలీలను పెట్టి మట్టి తీయిస్తే మూరెడు లోతున బండలు తగిలాయి. బండలు జరిపి కందిలి దించాం. ఆరలేదు. సారు దిగి, కాసేపటికి కింది నుంచి నన్ను పిలిచారు. ఆయన గొంతులో అంత సంతోషం నేను ఎన్నడూ వినలేదు.

కింద రాతిగోడల గది. ఇరవై ఐదు మంది మోకాళ్ళు ముడుచుకొని కూర్చోవచ్చు. గాలి కోసం బురుజు గోడలోకి సన్నటి సందు వదిలారు. గోడ గూట్లో దీపం మసి. నేల మీద పగిలిన గాజులు, ఒక మట్టి ముంత. సారు ఆ గాజుముక్కలను ముట్టుకోలేదు, నన్నూ ముట్టుకోనివ్వలేదు.

పైకి వచ్చాక ఆయన ఆ బండల పక్కనే కూర్చుండిపోయారు. బండల సందుల్లో మట్టి మెత్తిన ఆనవాళ్ళున్నాయి. "మాస్టరూ, ఈ మూత బయటికెళ్ళి ఏసింది. సందులల్ల మట్టి గూడ బయటికెళ్ళే మెత్తిన్రు. లోపల దాసుకున్నోళ్ళు బయటికెళ్ళి ఎట్ల మూసుకుంటరు?" అన్నారు. ఎవరో ఒక మనిషి లోపలికి పోకుండా పైన మిగిలిపోయాడన్నమాట. బండల మీది మట్టిలో బూడిద కలిసి ఉంది. దాంట్లో శనగగింజల్లాంటి తెల్లటి తగరపు చుక్కలు కొన్ని దొరికాయి. కళాయి వేసే కొలిమి దగ్గర తప్ప అవి పడవు.

ఊళ్ళో అడిగాం. పెద్దపటేలు కొడుకు మమ్మల్ని ఇంటికి పిలిచి చాయ్ ఇప్పించి, "మా బాపే మూసిండు సారూ. ఊరిని కాపాడింది మా బాపే" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ తలలూపారు. తగరం సంగతి సారు అడిగితే పటేలు కొడుకు ఇంకో చాయ్ తెమ్మన్నాడు.

జవాబు ఒక ముసలవ్వ చెప్పింది. ఊరి చివరి ఇంట్లో ఉండేది. మొదటిసారి పోతే నీళ్ళిచ్చి ఊరుకుంది. రెండోసారీ అంతే. మూడోసారి మధ్యాహ్నం పోయేసరికి ఒక్కతే ఉంది. ఎదురుగా కూర్చొని తనే మొదలుపెట్టింది.

"నేను గా పాతరల ఉన్న బిడ్డా. కొత్త పెండ్లికూతుర్ని. పటేలు గప్పటికే బండి కట్టుకొని శోలాపూరు దిక్కు ఎల్లిపోయిండు. మమ్ముల లోపట కూసోబెట్టి మూత ఏసింది కళాయి సాయెబు. మట్టి మెత్తి, గా మట్టి మీదనే కొలిమి పెట్టుకొని గిన్నెలకు కళాయి ఏసుకుంట కూసున్నడు. గా రజాకార్లు అచ్చిన్రు, అడిగిన్రు, కొట్టిన్రు. సెయ్యి ఇరగ్గొట్టిన్రు. అందరు అడివికి ఉరికిన్రు అన్నడు గని కింద మేమున్నమని చెప్పలే. రెండు దినాలు సారూ. కొలిమితిత్తి సప్పుడు ఇనవడుతుంటె మా పానం నిలవడేది, సాయెబు ఇంక ఉన్నడని."

సారు ఏమీ రాసుకోలేదు. పెన్ను జేబులోనే ఉంది. "తర్వాత ఆయన ఎటు పోయిండవ్వా?" అని మాత్రం అడిగారు.

అవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది. "నిజాము దిగిపోయినంక మన రాజ్జెం అచ్చిందన్నరు. గప్పుడు ఊరోళ్ళు కట్టెలు పట్టుకొని సాయెబు ఇంటి మీదికి పోయిన్రు. వాడూ వాళ్ళోడే గదా అన్నరు. బాయి కాడికి గుంజుకపోయిన్రు. మల్ల రాలేదు సాయెబు. పెండ్లాం చిన్నపిల్లను సంకలేసుకొని ఎటో ఎల్లిపోయింది." గుమ్మం వైపు ఒకసారి చూసింది. "కట్టెలు పట్టుకున్నోళ్ళల్ల ఇద్దరు పాతరల మా పక్కన కూసున్నోళ్ళే. అండ్ల ఒకడు నా పెనిమిటి. ఇప్పుడు లేడు గాబట్టి చెప్తున్న."

తిరుగుదారిలో మేము సైకిళ్ళు ఎక్కలేదు. నడిపించుకుంటూ వచ్చాం. చాలా దూరం వచ్చాక సారు, "నేను ఇన్నేండ్లు బయటి శత్రువు కోసం కట్టిన గోడలనే కొలిచిన మాస్టరూ" అన్నారు.

మరుసటి ఏడు పంద్రాగస్టుకు ఆ ఊళ్ళో బురుజు దగ్గర రాయి పాతాలనుకున్నారు. ఊరిని కాపాడిన వీరుడిగా పటేలు పేరు. మేము దొరకబట్టిన పాతరే వాళ్ళకు సాక్ష్యం. సారు పై అధికారులకు అర్జీ పెట్టారు. పటేలు ఇంటికి పోయి, "మీ బాపు పేరు తీసెయ్యుమని అంటలేను. సాయెబు పేరు గూడ పెట్టుండ్రి. ఎట్ల సచ్చిండో రాయకుండ్రి, ఏం చేసిండో రాయుండ్రి. గంతే" అన్నారు. అంతగా దిగివచ్చి అడిగారు. పటేలు కొడుకు, "సారూ, మీరు పాఠాలు చెప్పుకోండ్రి. ఊర్ల లొల్లి పెట్టకుండ్రి" అన్నాడు.

రాతి మీద అక్షరాలు చెక్కేముందు రంగుతో రాసిపెట్టే మనిషి కావాలి. సిద్దిపేటలో నా చేతిరాతకు కొంచెం పేరుండేది. పటేలు కొడుకు నా ఇంటికి వచ్చాడు. "మీ సారుకు బదిలీ అయితది మాస్టరూ. మీరు మంచోళ్ళు, మీకెందుకు?" అన్నాడు. అంతే అన్నాడు.

నాకు గొప్ప కష్టమేదీ లేదు. ఇంట్లో జబ్బు మనిషి లేడు. అప్పుడే ఒక మంచి కిరాయి ఇల్లు దొరికింది, నల్లా నీళ్ళు రెండు పూటలా వచ్చేవి. ఆ ఇల్లు వదలబుద్ధి కాలేదు. సంజాయిషీకి నా దగ్గర ఇంతకంటే పెద్ద కారణం లేదు. సారు నన్ను రాయొద్దని ఒక్కసారి అడిగారు. "నేను రాయకపోతే ఇంకొకడు రాస్తాడు సారూ" అన్నాను. "రాయనియ్యుండ్రి. మీరు మాత్రం రాయకుండ్రి" అన్నారు. నేను పోయి రాశాను. రాసేటప్పుడు అక్షరాల వంపుల మీదే ధ్యాస పెట్టాను. బాగా వచ్చాయి కూడా.

జెండా ఎగరేసిన రోజు సారు వచ్చారు. జనం వెనక నిలబడ్డారు. అంతా అయిపోయాక రాయి దగ్గరికి నడిచి, ఒక్కొక్క పంక్తీ చదివారు. తిట్టినా బాగుండేది. నా వైపు చూసి, "అక్షరాలు మంచిగ కుదిరినయి మాస్టరూ" అని చెప్పి సైకిలెక్కి వెళ్ళిపోయారు.

నెల తిరగకుండానే ఆయనకు దూరపు ఊరికి బదిలీ ఆర్డరు వచ్చింది. వీడ్కోలుకు నేను సెలవు పెట్టాను. రిటైరయ్యాక సిద్దిపేటకే తిరిగొచ్చి, మార్కెట్ వెనక సందులో చిన్న ఇల్లు తీసుకున్నారు. ఆ సందు గుండా పోవడం మానేశాను. ఒకసారి కూరగాయల దగ్గర ఎదురుపడితే, "మాస్టరూ, బొమ్మలు గీస్తున్నరా?" అని అడిగారు. పిల్లలకు నేర్పుతున్నానన్నాను. బెండకాయలు ఏరుకోవడం పూర్తి చేసి వెళ్ళిపోయారు.

సారు పోయిన మూడో రోజు ఆ ఇంటికి వెళ్ళాను. సారు భార్యను నేను మొదటి నుంచీ వదినమ్మా అనే పిలిచేవాణ్ణి. ఆమె పీట వేసి, "మీరు రారనుకున్న" అంది. ఏడుస్తూ కాదు, మామూలుగా. మెల్లగా ఒక్కొక్కటే చెప్పింది. రిటైరైన దగ్గర్నుంచి సారు సాయెబు బిడ్డ కోసం వెతుకుతూనే ఉన్నారట. కళాయి వేసేవాళ్ళ ఇళ్ళన్నీ అడుగుతూ ఎన్నో ఊళ్ళు తిరిగారట. చివరికి కరీంనగర్ దిక్కు ఒక ఊళ్ళో దొరికిందట. తండ్రి పోయిననాడు తల్లి చంకలో ఉన్న పిల్ల, ఇప్పుడు మనుమలున్న మనిషి. పోయినేడు ఆమెను బతిమాలి ఆ బురుజు దగ్గరికి తీసుకుపోయారట.

"గామెకు తెలుగు మాట్లాడొస్తది గని చదువ రాదు మాస్టరూ. గా రాయి మీద చెయ్యి పెట్టి, దీంట్ల మా అబ్బా పేరు ఉన్నదా సారూ అని అడిగిందట."

నేను వదినమ్మ ముఖంలోకి చూడలేకపోయాను.

"ఉన్నదమ్మా అన్నడట. ఏడున్నదంటె, ఒక అక్షరం మీద ఆమె వేలు పెట్టి చూపిచ్చిండట. ఆమె గా అక్షరాన్ని ముద్దు పెట్టుకున్నదట. గా దినం ఇంటికొచ్చి బువ్వ తినలే. ఏమైందంటె, నా నౌకరి అంతట్ల చెప్పని తప్పు పాఠం ఇయ్యాల చెప్పిన అన్నడు."

అబద్ధానికి ఒప్పుకోక బదిలీ మీద ఊరు వదిలిపోయిన మనిషి. ఆయన ఆమె వేలు పెట్టించిన ఆ అక్షరం ఏదో నాకు తెలియదు. ఏదైనా అది నేను రాసిందే. ఆ మాట వదినమ్మకు చెప్పడానికి నోరు తెరిచాను. "తెలుసు" అంది ఆమె, నేను చెప్పకముందే. చాయ్ పెడతానంది. వద్దని లేచాను.

బయట ముసురు పడుతోంది. సందు మొదట్లో, బస్సు దిగి వచ్చిన ఒక ముసలామె గోడవారన నిలబడి ఉంది. నల్ల బురఖా అంచు బురదలో తడిసింది. చేతిలో ఒక గుడ్డ సంచి. నన్ను చూసి, "అయ్యా, బడిపంతులు సారు ఇల్లు ఏడున్నది? పోయిండని నిన్ననే తెలిసె" అని అడిగింది. ఎవరో అడగనక్కర్లేదు. నేనెవరో చెప్పి ఉండవచ్చు. రాయి మీద ఏముందో చెప్పి ఉండవచ్చు. ఆమె జవాబు కోసం నా ముఖంలోకే చూస్తోంది. నేను వేలెత్తి నాలుగో ఇల్లు చూపించాను.

"అల్లా మిమ్ముల సల్లగ జూడాలె" అంది.

తర్వాత వంగి చెప్పులు విప్పి ఒక చేత్తో పట్టుకొని, రెండో చెయ్యి గోడకు ఆనించుకుంటూ, ఒక్కొక్క తలుపూ లెక్కపెట్టుకుంటూ ఆ బురదలో నడిచింది. నాలుగో తలుపు ముందు ఆగింది. లోపలికి పోయే ముందు చెప్పులు పక్కన పెట్టి, సంచిలోంచి పొడిగుడ్డ తీసి పాదాలు తుడుచుకుంది. నేను వానలో నిలబడి చూస్తూనే ఉన్నాను.