తిరిగి చేతికిచ్చే వేలం

తెనాలి మార్కెట్ వెనక సందులో, మేడ మీద ఉన్న ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో దీవెన టైపింగూ అకౌంట్ల పనీ నేర్పుతుంది. పగలు అది ఆమె జీవనం. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక అదే కుర్చీలో కూర్చుని ‘ఆటల పెరడు’ నడుపుతుంది. కంప్యూటర్‌లోనూ ఫోన్లోనూ ఆడుకునే ఆటలను ఎలా తయారుచేయాలో తెలుగులో రాసుకునేవారందరి ఉమ్మడి బ్లాగు అది.

దాని పుట్టుక చాలా సాధారణం. తెర మీద బంతి నేలను తాకి మళ్లీ పైకి లేవాలంటే ఏం చేయాలో తెలుసుకోవడానికి దీవెనకు ఒక వేసవి అంతా పట్టింది. తెలుసుకున్నదాన్ని తనలాంటివారి కోసం ఒక పేజీ రాసిపెట్టింది. రేపల్లెలో ఒక బడిలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసే ఫ్రాన్సిస్ అది చదివి, “బంతి లేచిందమ్మా, కానీ నాలుగోసారికి నేలలో దిగబడిపోతోంది” అని రాశాడు. ఆమె రాసిన పేజీ నుంచి కాక ఆయన ఫిర్యాదు నుంచి ఆ బ్లాగు మొదలైందనడం న్యాయం. ఒకరు రాసినంతమాత్రాన సమూహం పుట్టదు. జవాబు వస్తుందన్న నమ్మకంతో రెండో మనిషి కూర్చున్నప్పుడు పుడుతుంది.

అందులోని రాతలన్నీ మంచివని చెప్పలేను. చాలావరకు సాదాసీదావి, కొన్ని తొందరలో రాసినవి. చెప్పుకోదగినవి దీవెన పెట్టిన రెండు నియమాలు. ఎవరి మొదటి రాతా జవాబు లేకుండా మిగలకూడదు. ఏ ఆటనైనా చివరిదాకా ఆడనిదే దాని తప్పు చెప్పకూడదు. తీర్పు చెప్పేముందు ఆ వస్తువుతో కొంతకాలం గడపాలన్నది తత్త్వచింతనలో పాత మాటే. దాన్ని రోజువారీ మర్యాదగా మార్చినవారు మాత్రం తక్కువ. ఆ మర్యాద వల్లనే పొన్నూరు నుంచీ బాపట్ల నుంచీ, తర్వాత దూరపు ఊళ్ల నుంచీ మనుషులు వచ్చి చేరారు. కొత్తగా వచ్చినవారికి ఓపికగా జవాబులు రాసేది ఎక్కువగా ఫ్రాన్సిసే. ఆయన రాతలో కూడా ఈల వినిపిస్తుందని అక్కడివారి పరిహాసం.

బ్లాగు పెరిగినకొద్దీ అందులో సగంలో ఆగిన ఆటలు పోగుపడ్డాయి. మొదలుపెట్టడానికి ఉత్సాహం చాలు. ముగించడానికి మరేదో కావాలి. ఫ్రాన్సిస్ ఆట ‘రేవు’ కూడా అలా ఆగిపోయినదే. పెనుమూడి దగ్గర వంతెన రాకముందు ఆయన తండ్రి కృష్ణ మీద పడవ నడిపేవాడు. ఆటలో ఆడేవాడే ఆ పడవవాడు. గట్టు దిగి ఒక్కొక్కరే వస్తుంటారు: గడ్డిమోపుతో ఒకామె, మేకతో ఒక ముసలాయన. చివరి మనిషి ఎక్కేదాకా పడవ ఆపాలి. మార్కులు లేవు, గడియారం లేదు. తొందరపడి పడవ వదిలితే వెనక ఒడ్డు మీద ఎవరో చెయ్యి ఊపుతూ కనిపిస్తారు, అంతే శిక్ష. కానీ పడవ నది నడుమకు వెళ్లి నిలిచిపోయేది. అవతలి ఒడ్డు గీయడం ఫ్రాన్సిస్‌కు చేతకాలేదు.

ఇలాంటి ఆటల కోసం దీవెనకు ఒక ఆలోచన వచ్చింది. ఆమె తల్లి కాంతమ్మది కొలకలూరు. ఏటా మాసూళ్లయ్యాక అక్కడి చర్చిలో కోతపండుగ చేస్తారు. ఎవరికి పండినది వారు తెచ్చి ప్రార్థన బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటికి వేలం పాట. ఆ పద్ధతినే దీవెన బ్లాగుకు తెచ్చింది. ‘ఆగిపోయిన ఆటలు తెచ్చి పెట్టండి. డబ్బుతో కాదు, పనితో పాడుకుందాం’ అని ప్రకటించింది.

పెరట్లో అంత సందడి అంతకుముందు లేదు. ‘రేవు’కి శబ్దాలు చేస్తానని ఒకరు పాడారు. శబ్దాలతోపాటు అవతలి ఒడ్డు కూడా గీస్తానని మరొకరు పెంచారు. చివరికి ప్రణీత్, “మొత్తం నేనే పూర్తిచేస్తా” అని పాట గెలుచుకున్నాడు. ప్రణీత్‌ది పెనుమూడిలో వ్యవసాయ కుటుంబం. బాపట్లలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. చురుకైనవాడు. కష్టపడతాడు, కష్టపడ్డట్టు అందరికీ తెలియాలని కూడా కోరుకుంటాడు. పాట గెలిచాక ఏం జరగాలో దీవెన ఎక్కడా రాయలేదు. రాయాల్సిన అవసరం ఉందని ఆమెకు తోచనే లేదు.

క్రిస్మస్ ముందు ప్రణీత్ ఆ ఆటను ఫోన్లలోకి ఎక్కించి, సంతోషంగా బ్లాగులో చెప్పాడు. పేరు ‘రేవు రేసు’. పైన గడియారం, పక్కన మార్కులు. తయారుచేసినవారి పేరు దగ్గర ప్రణీత్ అని మాత్రమే ఉంది. అభినందనలు కుప్పపడ్డాయి. వాటి కింద ఫ్రాన్సిస్ రాసింది చిన్న మాట: ‘అమ్మా దీవెనా, నా రాతలన్నీ తీసెయ్యి. నేను ఇక రాను.’

మర్నాటికి కొందరు తాము వేలానికి పెట్టిన ఆటలను వెనక్కి తీసుకున్నారు. దీవెన భయపడింది ఒక్క మనిషి వెళ్లిపోతాడని మాత్రమే కాదు. అసంపూర్ణమైనదాన్ని పదిమంది ముందు పెట్టవచ్చన్న ధైర్యం మీదే ఆ పెరడు నిలబడింది. మొదట ఆ ధైర్యం చేసిన మనిషే దెబ్బతిని వెళ్లిపోతే మిగిలేది ఖాళీ నేల.

ఆమె ప్రణీత్‌కి ఫోన్ చేసింది.

“పాడుకున్నాను కదక్కా. పాడుకున్నాక నాదేగా,” అన్నాడు ప్రణీత్.

“నీదెలా అవుతుంది?”

“అదేంటక్కా? వినాయకుడి లడ్డు పాడుకున్నోళ్లు ఇంటికి పట్టుకెళ్లరా? మా తాత బసవపున్నయ్య ఆ రోజుల్లో పడవల రేవే వేలంలో పాడుకున్నాడు. ఏడాది పొడుగునా రేవు ఆయనదే. మధ్యలో వచ్చి తిరిగిచ్చెయ్యమని ఎవరూ అడగలేదే.”

అతడు సాకు చెప్పడం లేదని దీవెనకు అర్థమైంది. ఒకే చర్యకు ఇద్దరు పెరిగిన ఇళ్లలో రెండు అర్థాలున్నాయి. ఎవరి అర్థం వారికి గాలిలా కనపడనిది.

“కోతపండుగకి కొలకలూరు రా,” అంది చివరికి. “మా అమ్మ భోజనానికి పిలిచిందనుకో.”

“నన్ను తిట్టడానికా?”

“తిట్టాలంటే ఫోన్లోనే తిడతాగా.”

ఆ ఆదివారం ఆమె ప్యాసింజరెక్కి రేపల్లె వెళ్లింది. ఫ్రాన్సిస్ బడి మైదానంలో, వాలీబాల్ వలకు తెగినచోట ముడులు వేస్తున్నాడు. ఆమెను చూసి వల రెండో కొస చేతికిచ్చాడు.

“గట్టిగా పట్టుకో. నా రాతలు తీసేశావా?”

“లేదు మాస్టారూ.”

“వాడు దొంగతనం చేశాడని నేననడం లేదమ్మా. బాగానే చేశాడు. చివరిదాకా ఆడాను కూడా. నీ నియమం ఉంది కదా.” ఒక ముడి బిగించాడు. “మా నాన్న ఎవర్నీ ఒడ్డున వదిలేసి వెళ్లేవాడు కాదు. వర్షంలోనైనా ఆగేవాడు. ఇందులో ఎంతమందిని వదిలేస్తే అన్ని మార్కులు. నేను గెలిచాను దీవెనా. గెలిచి, ఫోను పక్కన పడేశాను.”

దీవెన వల వదల్లేదు. “కోతపండుగ దాకా ఆగండి. అప్పటికీ వద్దంటే నా చేత్తోనే తీసేస్తా.”

“నీ కోసం ఆగుతా. కానీ బ్లాగు తెరిచి చూడను.”

కొలకలూరు చర్చి ముందు షామియానా వేశారు. ధాన్యం మూటలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు, వాటి మధ్య కాంతమ్మ తెచ్చిన గుమ్మడికాయ. తెనాలి ఇంటి వెనక గోడమీదికి తీగ పాకించి ఆమె పెంచిన కాయ అది. సంఘపెద్ద మధుబాబు దాన్ని రెండు చేతులతో పైకెత్తాడు.

“కాంతమ్మ గారి గుమ్మడికాయ. తెనాలి మున్సిపాలిటీ నీళ్లు తాగి పెరిగింది. ఎవరు పాడతారో చెప్పండి.”

“లోపల గట్టిగుందా?” అని వెనకనుంచి ఒకామె.

“నీ తలకన్నా గట్టిగా ఉంది, పాడమ్మా.”

నవ్వుల మధ్య పాట పెరిగింది. ప్రణీత్ మొదట చేతులు కట్టుకుని చూశాడు. తర్వాత ఆగలేకపోయాడు. సంతలో అలాంటివి ఎన్నో కొనగలిగినంతకు పాడి కాయ గెలిచాడు. డబ్బు చెల్లించి, దాన్ని భుజాన పెట్టుకుని తన బండి దగ్గరికి నడిచాడు. షామియానా కింద తలలన్నీ అతనివైపు తిరిగాయి.

“ఏం బాబూ, గుమ్మడికాయ పట్టుకుని ఎటు పోతున్నావు?” అన్నాడు మధుబాబు.

“పాడుకున్నాను కదండి.”

“పాడుకున్నావు, ఎవరు కాదన్నారు? మా సంఘంలో డబ్బు దేవుడికి. కాయ కాంతమ్మ గారికి.”

“మరి నాకేంటండి?”

“నీకు భోజనం.”

అందరూ నవ్వారు. కాంతమ్మ లేచి నిలబడింది. “పోనియ్యవయ్యా మధూ. అంత దూరం నుంచి వచ్చాడు పిల్లాడు. పులుసు పెట్టుకుంటాడు.”

ప్రణీత్ కాయను దించలేదు. “తీసుకెళ్లనప్పుడు ఇంత పోటీపడి పాడింది దేనికండి?”

మధుబాబు పరిహాసం మానేశాడు. “ఆవిడ ఇన్నాళ్లు నీళ్లు పోసి పెంచింది. అది ఎంత విలువైందో పదిమందిలో ఆవిడకి చెప్పొద్దా? అందుకు పాడతాం. పట్టుకెళ్లడానికైతే తెనాల్లో మార్కెట్ ఉందిగా.”

ప్రణీత్ వెనక్కి నడిచి వచ్చి గుమ్మడికాయను కాంతమ్మ చేతుల్లో పెట్టాడు.

“బరువుగా ఉంది మామ్మా.”

“మోసినోడికి తెలుస్తుంది,” అని ఆమె దాన్ని మళ్లీ మధుబాబుకి అందించింది. “ఇంకోసారి పాడించు. ఇందాక ఎత్తి వెంటనే కిందపెట్టేశావు, సరిగ్గా కనపళ్లేదు.”

ప్రణీత్ విస్తరి ముందు కూర్చున్నాక దీవెన ఆట ఊసెత్తలేదు.

“ఇది ముందే రాసిపెట్టాల్సింది అక్కా,” అన్నాడు.

“అవును. మాకు పుట్టినప్పటినుంచి తెలిసిందే కదా, అందరికీ తెలుసనుకున్నా.”

“వేలమంది ఆడుతున్నారు దాన్ని.”

“తెలుసు.”

“తీసేస్తే ఆ లెక్క మళ్లీ రాదు.”

“రాదు,” అంది దీవెన, అతని విస్తరిలో పప్పు వడ్డిస్తూ. అంతకుమించి ఓదార్చలేదు. ఇవ్వడంలో పోయేది నిజంగా పోతుంది. పోలేదని నమ్మించడం దయ కాదు.

పది రోజులపాటు ప్రణీత్ నుంచి మాట లేదు. తర్వాత ‘రేవు రేసు’ ఫోన్లలో కనపడకుండా పోయింది. ఆ సాయంత్రమే బ్లాగులో ఫ్రాన్సిస్ పేజీ కింద ‘రేవు’ వచ్చింది. గడియారం లేదు, మార్కులు లేవు. గడ్డిమోపు ఆమె, మేక ముసలాయన తమ తమ వేగంతో గట్టు దిగుతున్నారు. పడవ నది నడుమ ఆగకుండా అవతలి ఒడ్డు చేరుతోంది. అక్కడ తుమ్మచెట్లు, తడి ఇసుక. తెడ్డు వేసినప్పుడల్లా నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. తయారుచేసినవారు అన్నచోట ఫ్రాన్సిస్ పేరు ఒక్కటే ఉంది. ప్రణీత్ పెట్టిన మాట కూడా చిన్నది: ‘మాస్టారూ, మీది మీకు.’

దీవెన రేపల్లెకు ఫోన్ చేసి, “వచ్చింది, చూడండి,” అని మాత్రం చెప్పింది. ఆ రోజు బ్లాగులో ఆయన జవాబు లేదు. మర్నాడూ లేదు. కంప్యూటర్ సెంటర్లో పాఠం మధ్యలో ఆమె పదేపదే ఆ పేజీ తెరిచి చూడడం గమనించి, పిల్లలు తమలో తాము నవ్వుకున్నారు.

మూడోనాటి సాయంత్రం జవాబు వచ్చింది.

‘చివరిదాకా ఆడాను,’ అని రాశాడు ఫ్రాన్సిస్. ‘ఒడ్డు ఫర్వాలేదు. నీళ్ల చప్పుడులో లారీ వినిపిస్తోంది. వంతెన కింద రికార్డు చేశావా?’

‘అవునండి,’ అని వెంటనే ప్రణీత్ జవాబు.

‘మా నాన్న రోజుల్లో వంతెన లేదు. మళ్లీ చెయ్యి.’

‘ఎక్కడ చెయ్యమంటారు మాస్టారూ?’

దీవెన కుర్చీలోంచి కదల్లేదు. అప్పుడు ఇంకో వరుస తెర మీదికి వచ్చింది.

‘పాత రేవు ఎక్కడుండేదో నీకు తెలియదు. ఆదివారం ఆరాధన అయ్యాక వస్తా. నేను వచ్చేదాకా గట్టు మీదే ఆగు.’