స్క్విడ్ ముక్కుకు బులాకీ

నేను అబద్ధాలాడతానని మా ఆఫీసులో అందరికీ తెలుసు. అందుకు నాకేమీ సిగ్గు లేదు. కొండాపూర్‌లో ఓ ఏడో అంతస్తులో, చుట్టూ మేనల్లుళ్ల వయసువాళ్లే ఉన్నచోట, యాభై రెండేళ్ల మనిషి పక్కన భోజనానికి ఎవరైనా వచ్చి కూర్చోవాలంటే అతని దగ్గర ఏదో ఒక ఆకర్షణ ఉండాలి. నా దగ్గర కథలున్నాయి.

మాది కాకినాడ అని తెలిసిన రోజునే నేను పడవలో పుట్టానని చెప్పేశాను. ఆ పూట అలలు ఎక్కువగా ఉండి మంత్రసాని ఒక పడవలోనూ మా అమ్మ ఇంకో పడవలోనూ ఉండిపోయారని కూడా చెప్పాను. నిజానికి నేను సముద్రంలో మోకాలు దాటి ఎప్పుడూ దిగలేదు. దిగినప్పుడు కూడా ఒడ్డున విడిచిన చెప్పుల వైపే చూస్తూ నిలబడ్డాను.

ఈ కథలతో ఎవరికీ నష్టం లేదు, ఒక్క మా మేనేజరుకు తప్ప. అతనిది గుంటూరు. నాకంటే పదిహేనేళ్లు చిన్న. నన్ను "గురువుగారూ" అంటాడు. ఆ పిలుపులో గౌరవం ఎంతో వెటకారం ఎంతో నాకిప్పటికీ తేలలేదు. ఒకసారి దుర్గం చెరువు రాళ్ల మధ్య దొరికిందని అతనికో డైనోసార్ పన్ను ఇచ్చాను. అతను మురిసిపోయి, కొడుకు చేత బడికి పంపించాడు. అది గేదె పన్ను అని టీచరమ్మ చీటీ రాసి మరీ వెనక్కి పంపింది. ఆ రోజు నుంచి నేను టైమెంతయిందో చెప్పినా అతను తన ఫోను తీసి చూసుకుంటాడు.

మా కంపెనీ పిల్లలకు పాఠాల వీడియోలు చేస్తుంది. ఇంగ్లీషులో వచ్చిన పాఠాన్ని తెలుగులో రాయడం నా పని. దాన్ని చదివి బొమ్మలు వేయడం ఆర్టిస్టుల పని. ఇక్కడ మేనేజరు పెట్టిన నియమం ఒకటుంది: ఆర్టిస్టులకు ఇంగ్లీషు పాఠం చూపించకూడదు. చూపిస్తే బొమ్మలు కూడా అనువాదంలా ఉంటాయని అతని సిద్ధాంతం. తెలుగు మాత్రమే చదివి వేస్తే బొమ్మ తెలుగులో పుడుతుందట. నాకు నచ్చిన సిద్ధాంతమే. నేనైనా అంతకంటే మంచి కోత కోయలేను.

అలాంటి రోజుల్లో ఆక్టోపస్‌కు చుట్టమైన లోతు సముద్రపు స్క్విడ్ పాఠం వచ్చింది. అది ఏ వయసులో ఏం తింటుందన్నది విషయం. చదివి నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ముప్ఫై ఏళ్లుగా కథలల్లుతున్నాను గానీ ఇంత ధైర్యం నాకెప్పుడూ రాలేదు. పిల్లగా ఉన్నప్పుడు అది పైనీళ్లలో తిరుగుతూ రొయ్యల్లాంటి చిన్నచిన్న పురుగుల్ని తింటుందట. పెరిగేకొద్దీ కిందికి దిగి చేపలకు అలవాటు పడుతుందట. ఇంకా పెద్దదయ్యాక తోటి స్క్విడ్‌లనే తింటుందట. చుట్టాలని కూడా చూడదట. పైగా దాని గొంతుగొట్టం మెదడు మధ్యలోంచి పోతుంది. పెద్ద ముద్ద మింగితే మెదడుకు దెబ్బ. ఒక రకమైతే వేటాడదు కూడా. పైనుంచి మంచులా రాలే చచ్చిన పురుగుల తునకల్నీ, ఇతర జీవుల మలాన్నీ ఉండ చుట్టుకుని తింటూ కాలక్షేపం చేస్తుంది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్క ముక్క కల్పించలేదు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "మెదడులోంచి అన్నం పోవడం మాత్రం అదిరిందండీ గురువుగారూ, దాచుకోండి, ఇంకెక్కడైనా పనికొస్తుంది," అన్నాడు మేనేజరు.

బొమ్మలు వేసే పని ఒక కొత్తావిడకు పడింది. బాచుపల్లి నుంచి వస్తుంది. ముప్ఫై ఆరేళ్లుంటాయి. ఇద్దరు పిల్లల్ని పెంచడానికి ఎనిమిదేళ్లు ఉద్యోగం మానేసి మళ్లీ చేరింది. అందుకని ఆరు నెలలు పనితనం చూసి, నచ్చితేనే ఖాయం చేస్తామన్నారు. ఆ ఆరు నెలలు మరుసటి వారం శుక్రవారంతో ముగుస్తున్నాయి. చివరి పరీక్షగా ఈ స్క్విడ్ ఆమె చేతిలో పడింది.

సోమవారం ఉదయం మీటింగు గదిలో తెర మీదికి బొమ్మ వచ్చింది.

ఎనిమిది చేతులూ తీగల్లాంటి రెండు పొడుగు టెంటకిళ్లూ చక్కగా ఉన్నాయి. కళ్లు కాటుక పెట్టినట్టున్నాయి. రెండు కళ్ల మధ్య, మన ఇళ్లలో పెద్దవాళ్లకుండే లాంటి నిండైన ముక్కు ఉంది. ఆ ముక్కుకు ఎడమ పక్కన చిన్న పుడక, కుడి పక్కన రాళ్ల బేసరి, మధ్యలో బులాకీ. పుడక మీద సన్నటి రొయ్య చెక్కి ఉంది. బేసరి మీద చేప. బులాకీకి ముత్యం బదులు ఇంకో చిన్న స్క్విడ్ వేలాడుతోంది. ఆ వేలాడే స్క్విడ్‌కూ ముక్కుంది. దానికీ పుడక ఉంది.

"ఏవండీ, ఇదేంటండీ?" అన్నాడు మేనేజరు. "సముద్రంలో పెళ్లేమైనా జరుగుతోందా?"

"పాఠంల ఉన్నట్టే ఏసిన సార్," అందామె. "చిన్నప్పుడు రొయ్య, జర పెద్దగయినంక చేప, ఇంక పెద్దగయితే దాని జాతిదే. ముక్కుకున్న రింగులు జూస్తే ఎప్పుడేం తిన్నదో తెలుస్తదని ఉన్నది. గందుకే ఒక్కో రింగుకు ఒక్కోటి పెట్టిన."

తప్పెక్కడ జరిగిందో నాకు తెలిసిపోయింది. స్క్విడ్ నోట్లో చిలక ముక్కులాంటి గట్టి ముక్కొకటి ఉంటుంది. తిండిని కొరికేది దానితోనే. పసితనంలో అది అద్దంలా ఉండి, వయసొచ్చేకొద్దీ నల్లబడుతుంది. ఉంగరాల్లాంటి గీతలతో పొరలు పొరలుగా పెరుగుతుంది. కొన చిన్ననాటిది, అంచు నిన్నటిది. శాస్త్రజ్ఞులు ఆ పొరల్ని పరీక్షించి అది ఏ ఈడులో ఏం తిన్నదో చెబుతారు. దీన్నంతా నేను ఒక్క వాక్యంలో రాశాను: "స్క్విడ్ చిన్నప్పటి నుంచి ఏమేం తిన్నదో దాని ముక్కుకున్న రింగులు చెబుతాయి." నాకు పక్షి ముక్కు మనసులో ఉంది. ఆమెకు మనిషి ముక్కు మనసులోకొచ్చింది. తెలుగులో రెండూ ఒకటే. ఇక ముక్కుకు రింగులంటే తెలుగింటి ఆడమనిషికి ఇంకేం గుర్తొస్తుంది?

"ఈవిడకు పాఠం అర్థం కాలేదన్నమాట," అన్నాడు మేనేజరు నా వైపు తిరిగి. "శుక్రవారం చూద్దాం."

అప్పుడు నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. కిందటి నెల నా వయసువాళ్లను ఇద్దర్ని ఉద్యోగంలోంచి పంపించేశారు. పెద్దవైన స్క్విడ్‌లు ఏం తింటాయో చదివిన దగ్గర్నుంచి నాకు ధైర్యం తక్కువగా ఉంది. అంతకంటే హీనమైన పని ఇంకోటి చేశాను. నా సీటు దగ్గరికి వెళ్లి, కంప్యూటర్లో పాఠం తెరిచి, "ముక్కుకున్న రింగులు" తీసేసి "ముక్కులోని పొరలు" అని మార్చాను. ఇక తప్పంతా ఆమె కళ్లదే.

మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బా తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. తినలేదు.

"సార్, ఒకటడుగుత, నిజం జెప్తరా? ఆ స్క్విడ్ సంగతి నిజంగనే ఉన్నదా, మీరే అల్లిన్రా?"

"నిజమేనమ్మా."

"గట్లంటే నాకే సమజ్ గాలేదేమో. ఇప్పుడు మళ్ల తెరిచి జూస్తే పొరలని ఉన్నది. ఎనిమిదేండ్లు ఇంట్లనే ఉంటి గదా, దిమాగ్ తుప్పు వట్టినట్టున్నది. మా ఆయన ముందుగాలనే అన్నడు, ఇప్పుడెందుకు నీకు ఉద్యోగం, పరేషాన్ అయితవని." డబ్బా మూత పెట్టేసింది. "శుక్రవారం పొమ్మంటే ఇగ ఇంట్ల ముగ్గులేసుడే సార్. ఇంకోపారి బయటికి రానియ్యరు."

అన్నం నా గొంతులోంచి కాక మెదడులోంచి దిగుతున్నట్టు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి పాఠంలో మళ్లీ "ముక్కుకున్న రింగులు" అని పెట్టేశాను. కానీ మాటతో చెబితే నన్ను నమ్మేదెవరు? సాక్ష్యం కావాలి. వెంటనే బయటపడి, మా ఆఫీసు దారిలో ఉన్న చేపల దుకాణానికి వెళ్లాను.

"స్క్విడ్ ఉందా?"

"రింగులు గావాల్నా సార్? కట్ జేసి పాకిట్ల ఉన్నయి. ఫ్రై జేస్కుంటే మస్తుంటయి."

ఆ వారం ఎక్కడికి వెళ్లినా రింగులు నన్ను వదల్లేదు. "రింగులొద్దు. నాకు ముక్కు కావాలి."

దుకాణదారు నన్ను తేరిపార చూశాడు. "దానికి ముక్కేంది సార్?"

"చిలకకుండే లాంటిది. నోట్లో ఉంటుంది."

అతను లోపలికి తిరిగి, "భాయ్, జర ఇటు రా, సార్ చిలక గావాలంటున్నడు," అని కేకేశాడు. వాళ్లిద్దరూ కలిసి పారేయబోతున్న తలలు మూడు వెతికి పెట్టారు. నేనే వేలు పెట్టి ఆ ముక్కులు ఊడదీశాను. ఇవి ఒడ్డు దగ్గర దొరికేవే, లోతు సముద్రానివి కావు. కానీ ముక్కు ముక్కే. గోధుమరంగులో, వంకీ తిరిగి, చింతగింజంత ఉన్నాయి. కడిగి, కాగితంలో చుట్టి, మేనేజరు బల్ల మీద పెట్టాను.

"ఇదిగోండి స్క్విడ్ ముక్కు. నేను రాసింది దీని గురించి. ఆవిడ తప్పేమీ లేదు."

మేనేజరు పెన్ను కొసతో దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వాసన చూశాడు. తర్వాత చాలా మెల్లగా అన్నాడు.

"ఎక్కడి చిలకండీ?"

"చిలక కాదండీ."

"గేదె అయిపోయింది, ఇప్పుడు చిలక. పక్షుల్ని చంపడం నేరమండీ గురువుగారూ. నేనెవరికీ చెప్పను, తీసుకెళ్లి ఎక్కడైనా పాతెయ్యండి."

బుధవారం, గురువారం ఇలాగే గడిచాయి. ఇంటర్నెట్‌లో ఫొటోలు చూపించాను. ఈ రోజుల్లో ఎలాంటి ఫొటోలైనా తయారుచేయొచ్చని అన్నాడు. ఇంగ్లీషు పాఠం చూడమన్నాను. చూశాడు. అందులో "బీక్" అని ఉంది. బీక్ అంటే ముక్కే కదండీ అన్నాను. "పక్షికండీ," అన్నాడు. "దీనికి ఇంకేదో మాట ఉంటుంది. మీకు తెలియకపోదు. ముప్ఫై ఏళ్లుగా తెలుగు రాస్తున్న మనిషి ఇంత కచ్చాగా ముక్కూ రింగులూ అని రాస్తారా?" ఇది పొగడ్తో తిట్టో తెలుసుకునే తీరిక నాకు లేదు.

శుక్రవారం పదకొండింటికి ఆమెను లోపలికి పిలుస్తారనగా, పది గంటలకే నేను వెళ్లాను. తప్పు జరిగితే నింపే ఫారం ఒకటుంది మా దగ్గర. "మూలకారణం" అన్న గడిలో నా చేత్తో రాసి తీసుకెళ్లాను: "మాట ఎంచుకోవడంలో నా తప్పు. ఆర్టిస్టు రాసినదాన్ని రాసినట్టే గీసింది. తర్వాత నా తప్పు దాచడానికి పాఠం మార్చాను. మళ్లీ సిగ్గుపడి మొదట ఉన్నట్టే పెట్టాను." కింద సంతకం. ఇన్నేళ్లలో అన్ని వాక్యాలు వరసగా నిజం రాయడం నాకదే మొదలు.

మేనేజరు అది చదివి, కంప్యూటర్ వైపు తిరిగి, ఆ పాఠాన్ని ఎవరెవరు ఎప్పుడు మార్చారో చూపించే జాబితా తెరిచాడు. అన్నిటికంటే పైనున్న వరుస ఒక్కటే చూశాడు. మంగళవారం, నా పేరు. "ముక్కులోని పొరలు" పోయి "ముక్కుకున్న రింగులు" వచ్చింది.

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీరు పొరలనే రాశారు. ఆవిడ ఉద్యోగం పోతుందని, ఆ తర్వాత రింగులని మార్చి, తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు."

"కాదండీ. ఆ కింది వరుస కూడా చూడండి. సోమవారం..."

"వద్దండీ. చాలు. మీరింతమందితో ఇన్ని అబద్ధాలాడారు, నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఇది మాత్రం..." నా ఫారం చేతిలోకి తీసుకున్నాడు. "ఇంకొకరి కోసం ఆడారు చూశారా."

ఎంత చెప్పినా వినలేదు. చెప్పేకొద్దీ నా మంచితనం అతని కళ్లకు ఇంకా పెద్దదైపోయింది. నా ఫారాన్ని నాలుగు ముక్కలుగా చించాడు. పదకొండింటికి ఆమెను పిలిచి, ఉద్యోగం ఖాయమైందనీ, ముక్కు తీసేసి వేరే బొమ్మ వేస్తే చాలనీ చెప్పాడు. బులాకీ పనితనం బాగుందని కూడా అన్నాడట.

ఆమె తిన్నగా నా దగ్గరికి వచ్చింది. నేను జరిగిందంతా చెప్పాను. సోమవారం చేసిన పనితో సహా. ఆమె నమ్మింది. అంత సులువుగా ఎలా నమ్మిందో అర్థంకాక అడిగాను.

ఆమె సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. బొమ్మ మొదలుపెట్టేముందు పాఠాన్ని ప్రింటు తీసి పెట్టుకోవడం ఆమె పాత అలవాటట. కాగితం మీద తేదీ ఉంది, నా పేరుంది, "ముక్కుకున్న రింగులు" అన్న చోట పెన్సిలుతో చిన్న పుడక బొమ్మ గీసి ఉంది.

"నిన్న రాత్రి పిల్లల పుస్తకాలల్ల దొరికింది సార్. ఇయ్యాల్ల లోపలికి పోంగనే ఆయన ముంగట పెడ్దామనుకున్న. మీరు గంట లేటుగ పోయి ఉంటే మీ పని అయిపోతుండె."

"చూపించాల్సింది. అది న్యాయం."

"ఇప్పుడెందుకు సార్, నా పని అయిపాయె గదా."

"అయితే చించెయ్యి."

ఆమె ఆ కాగితాన్ని జాగ్రత్తగా మళ్లీ మడిచి సంచి లోపలి అరలో పెట్టుకుని, జిప్పు లాగింది.

"ఉంచుకుంట సార్. మీరు మంచోళ్లే. కానీ మీ మీద జర భరోసా లేదు."