బోర్డు తీసిన మర్నాడు

గద్వాల స్టేషన్లో పాత రైల్వే వాళ్ళు నలుగురు చేరితే ముందు ఇంజన్ల గొప్పలే మొదలవుతాయి. ఏ ఇంజను ఎంత బొగ్గు మింగేది, ఏ డ్రైవరు కృష్ణ వంతెన మీద ఎంత జోరుగా తోలేవాడు, ఏ దొర ట్రాలీ మీద నుంచి జారి తుమ్మకంపలో పడ్డాడు, ఇవే ముచ్చట్లు. పట్టాల కింద కంకర గుద్దిన గ్యాంగువాళ్ళ ఊసు ఎవరూ ఎత్తరు. ఆ కంకరే లేకపోతే వీళ్ళ ఇంజన్లు ఎక్కడ ఊరేగేవో మరి. ఇస్రాయేలు ఆ కంకర గుద్దిన మనిషి.

పుట్టింది అమరచింత దగ్గర. తల్లిదండ్రులు ఒకరి పొలంలో కూలి. నిజాం రైలు కర్నూలు వైపు పట్టాలు పరుస్తున్న కాలంలో మట్టి మోయడానికి వచ్చాడు. మట్టిపని అయిపోయాక తోటివాళ్ళంతా ఊళ్ళకు పోయారు గాని, అతను పోలేదు. గ్యాంగులో చేరిపోయాడు. మిషను బడిలో మూడో తరగతి దాకా చదివాడు కాబట్టి సువార్త పుస్తకం వేలు పెట్టి చదవగలడు. పన్నెండు మంది గ్యాంగులో అక్షరం ముక్క వచ్చినవాడు అతనొక్కడే. ఆ ముక్కే అతన్ని జెండా మనిషిని చేసింది.

గద్వాలకూ అలంపూర్ రోడ్డు స్టేషనుకూ నడుమ, గద్వాల నుంచి ఆరు మైళ్ళ మీద, వాగు పక్కన నల్లరేగడి కట్ట ఒకటుంది. ఎండాకాలం రాయిలా ఉంటుంది. వానలు పడితే చాలు, పట్టాలతో సహా కుంగిపోతుంది. దాన్ని ఎత్తి, కంకర నింపి, గట్టి చేసేవరకు అక్కడ ఎర్ర బోర్డు పెడతారు. బోర్డు ఉన్నన్నాళ్ళూ ప్రతి బండీ అక్కడ ఆగి తీరాలి. జెండా పట్టుకున్న మనిషి పుస్తకం అందిస్తే డ్రైవరు అందులో సంతకం చేసి, నడక కన్నా నిదానంగా ఆ కట్ట దాటాలి. నలభై మూడో సంవత్సరం వానలకు కట్ట ఎన్నడూ లేనంతగా కుంగింది. శ్రావణంలో పెట్టిన బోర్డు దసరా దాటినా అట్లాగే ఉంది.

చుట్టుపక్కల పల్లెలకు ఇది పండగే. స్టేషను లేని చోట రోజూ బండి ఆగుతుంటే ఊరుకుంటారా? మజ్జిగ కుండలు, కోళ్ళ గంపలు, కర్నూలు కచేరీలో వ్యాజ్యాలున్న పెద్దమనుషులు అందరూ కట్ట కింద చేరేవాళ్ళు. దానికి బోర్డు స్టేషను అని పేరు కూడా పెట్టేశారు. గార్డు అటువైపు తిరిగి నిలబడేవాడు. డ్రైవరు ఖాజా మియా సంతకం మెల్లగా, ముత్యాలు కూర్చినట్టు చేసేవాడు, వెనక ముసలివాళ్ళు ఎక్కేదాకా. ఒకావిడ కట్ట ఎప్పటికీ గట్టిపడకూడదని మైసమ్మకు కోడిని మొక్కుకుందట. ఆ కట్టను గట్టి చేసే పనిలో ఉన్న గ్యాంగువాళ్ళు ఈ మాట విని కడుపుబ్బ నవ్వారు.

ఇస్రాయేలు మాత్రం నవ్వలేదు. ఆ మొక్కేదో అతనే మొక్కుకోవలసింది. అతని భార్య భాగ్యమ్మ నిండు గర్భిణి.

అంతకు ముందు రెండు కాన్పులు. రెండుసార్లూ బిడ్డ దక్కలేదు. రెండోసారి ఆమె కూడా దక్కదనే అనుకున్నారు. ఈసారి ఆరో నెలలోనే కర్నూలు తీసుకుపోయి చూపిస్తే, అక్కడి డాక్టరమ్మ కడుపు మీద చెయ్యి పెట్టి చూసి, బిడ్డ అడ్డం తిరిగి ఉందని, ఇంట్లో కాన్పు ప్రాణాల మీదికి వస్తుందని, తొమ్మిదో నెల రాగానే వచ్చి దవాఖానలో ఉండమని చెప్పింది. బోర్డు ఉండగా గ్యాంగులో ఎవరికీ సెలవు లేదు. మేస్త్రి వెంకటయ్య ఎట్లాగో ఒప్పించి, వచ్చే సోమవారం నుంచి ఇస్రాయేలుకు నాలుగు రోజులు ఇప్పించాడు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి బండి బోర్డు దగ్గర ఆగుతుంది. భాగ్యమ్మను గ్యాంగు గుడిసె నుంచి వంద అడుగులు నడిపించి ఎక్కిస్తే చాలు. అన్నీ అనుకున్నట్టే ఉన్నాయి, ఒక్క కట్ట తప్ప. కట్ట రోజురోజుకీ గట్టిపడుతోంది.

బుధవారం నాడు వెంకటయ్య మేస్త్రి ఇస్రాయేలును పక్కకు పిలిచాడు. కట్ట కింద నీళ్ళు పోయే మోరీ పక్కన రెండు చెక్కల కింద కంకర వదులుగా ఉంచేద్దామన్నాడు. పట్టాల కింద చెక్కలు వదులుగా ఉంటే ఏ ఇన్‌స్పెక్టరూ బోర్డు తీయించడు. బండి ఎట్లాగూ చీమలా పోతుంది కాబట్టి ప్రమాదమేమీ లేదు. భాగ్యమ్మ బండెక్కిన మర్నాడు ఆ రెండూ బిగిద్దామని మేస్త్రి లెక్క. పట్టా మీద దుమ్ము పడినా ఊరుకోని మనిషి వెంకటయ్య. అతను అంత మాట అన్నాడంటే ఇస్రాయేలు మీద ఎంత ప్రేమ ఉండాలి! ఇస్రాయేలు కళ్ళ నీళ్ళు పెట్టుకుని సరేనన్నాడు.

గురువారం బండి వచ్చింది. ఆగింది. ఖాజా మియా సంతకం చేశాడు. బండి కదిలి మోరీ మీదికి వచ్చేసరికి ఇస్రాయేలు చూపు ఆ రెండు చెక్కల మీదే ఉంది. చక్రం ఎక్కగానే పట్టా రెండు వేళ్ళ మందం దిగి, మళ్ళీ లేచింది. ఒక్కో పెట్టె అక్కడికి వచ్చి వాగు వైపు ఒరిగి, సర్దుకుని పోతోంది. పెట్టెల నిండా కోతలకు పోయే కూలిజనం. కిటికీల్లోంచి చేతులు బయట పెట్టుకుని ఏవో మాట్లాడుకుంటున్నారు. తాము ఒరిగామని వాళ్ళకు తెలియనైనా తెలియదు.

బండి వెళ్ళిపోయాక ఇస్రాయేలు కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత జెండా చంకన పెట్టుకుని గుడిసె వైపు నడిచాడు. పది అడుగులు పోయి వెనక్కి వచ్చాడు. కంకర గుద్దే మొద్దుమొన గునపం తీసుకుని ఆ రెండు చెక్కల కిందా గుద్దడం మొదలుపెట్టాడు. ఇన్‌స్పెక్టరు వచ్చేది వచ్చే వారం, సోమవారానికి ఇంకా నాలుగు రోజులే, ఈలోపు బిగిస్తే మాత్రం ఏం మునిగిపోతుందని తనకు తానే చెప్పుకున్నాడు. పదిహేనేళ్ళుగా కంకర గుద్దిన చేతులు. అవి సగం సగం గుద్దడం నేర్చుకోలేదు. గంట తర్వాత వెంకటయ్య వచ్చి చెక్క మీద కాలితో తన్ని చూశాడు. అది బండరాయిలా పలికింది.

"ఏం జేస్తివిరా ఇస్రాయేలూ," అన్నాడు మేస్త్రి.

"అది ఊగుతుంటే సూడలేకపోయిన మేస్త్రీ."

తీసి మళ్ళీ వదులు చేద్దామని ఇద్దరిలో ఒక్కరికీ నోరు రాలేదు.

వచ్చే వారం రావలసిన ఇన్‌స్పెక్టరు దొర శనివారమే వచ్చాడు. యుద్ధం సరుకుల స్పెషలు బండి ఒకటి అటు పోవలసి ఉందట, దారిలో బోర్డులు ఉండకూడదట. దొర ఇత్తడి గ్లాసు నిండా నీళ్ళు పోయించి ట్రాలీ మీద పెట్టించాడు. అతని పద్ధతి అది. ట్రాలీ కట్ట మీద అటూ ఇటూ మూడుసార్లు తిరిగింది. ఒక్క చుక్క కూడా చిందలేదు. దొర షాబాష్ అన్నాడు. ఇంత మంచి పని ఈ లైనులో తాను చూడలేదని మేస్త్రి భుజం తట్టాడు. మేస్త్రి ముఖం చచ్చినవాడి ముఖంలా ఉండటం దొరకు అర్థం కాలేదు.

సోమవారం దాకా బోర్డు ఉంచితే బాగుంటుందేమో అని వెంకటయ్య నసిగాడు. ఎందుకని దొర అడిగాడు. ఎందుకో చెప్పడానికి రైల్వే పుస్తకంలో కారణం లేదు. బోర్డు పెట్టినవాడే తీయాలి కాబట్టి ఇస్రాయేలే గుంత తవ్వి బోర్డు పీకాడు. జెండాలు, సంతకాల పుస్తకం, బోర్డు అన్నీ ట్రాలీలో వేసుకుని దొర గద్వాల వైపు వెళ్ళిపోయాడు. సాయంత్రం ఇస్రాయేలు తలొంచుకుని ఈ సంగతి చెబితే, సోమవారం పట్టాల వెంబడి నడిచే పోదాంలే అని భాగ్యమ్మే అతనికి ధైర్యం చెప్పింది.

ఆదివారం పొద్దున ఎనిమిది దాటాక ఆమెకు నొప్పులు వచ్చాయి. ఇంకా పదిహేను రోజులు ఆగవలసిన నొప్పులు. మంత్రసాని బాలనాగమ్మ చూసి బయటకు వచ్చి, ఇది తన చేతిలో లేదని, ఎంత తొందరగా దవాఖానకు చేరిస్తే అంత మంచిదని చెప్పేసింది. వాగు పొంగి ఉంది, బండిబాట బురదగుంట. గద్వాల స్టేషనుకు పరుగెత్తి చెప్పి వచ్చేలోపు రైలు అక్కడి నుంచి బయలుదేరిపోతుంది. నలుగురు కలిసి భాగ్యమ్మను మంచం మీదే ఎత్తి కట్ట పక్కన దించారు. రెండు నెలలుగా ఇక్కడ ఆగుతూ వచ్చిన ఖాజా మియా అలవాటు కొద్దీ నిదానిస్తాడేమోనని అందరికీ ఒక చిన్న ఆశ.

తొమ్మిదింటికి దూరంగా కూత వినిపించింది, పొగ కనిపించింది. అది నిదానించే పొగ కాదు.

జెండా లేకపోయినా బండిని ఆపవచ్చు. లైను మీద నిలబడి రెండు చేతులూ తలపైకి ఎత్తితే ఎంతటి డ్రైవరైనా ఆపి తీరాలి. గ్యాంగులో చేరిన మొదటి రోజే నేర్పే పాఠం అది. అయితే ఆపినందుకు కారణం చూపాలి. పట్టా బాగాలేదని చెప్పాలి. నిన్ననే దొర షాబాష్ అన్న పట్టా, బాగుందని మేస్త్రి వేలిముద్ర వేసిన పట్టా. పైగా యుద్ధం రోజులు. ఊరికే బండి ఆపినవాణ్ణి జైల్లో వేస్తామని గద్వాల స్టేషన్లో కాగితం అంటించారు. ఇవన్నీ ఇస్రాయేలుకు తెలుసు. తక్కిన పదకొండు మందికీ తెలుసు. వెంకటయ్య మేస్త్రి ఒక్కసారి ఇస్రాయేలు వైపు చూసి, ముఖం వాగు వైపు తిప్పుకున్నాడు. నేనేమీ చూడలేదు, నీ ఇష్టం అన్నట్టే నిలబడ్డాడు. పాపం, అంతకన్నా అతను మాత్రం ఏం చేయగలడు?

భాగ్యమ్మ ఇస్రాయేలు రెండు చేతులూ పట్టుకుని ఉంది.

ఇంజను మలుపు తిరిగింది. కట్ట మీదికి వచ్చింది. ఖాజా మియా దారి బాగుపడినందుకు గ్యాంగును మెచ్చుకుంటూ పొడుగ్గా కూత వేశాడు, చెయ్యి ఊపాడు. మోరీ మీద, ఆ రెండు చెక్కల మీద, పెట్టెలు ఒకదాని వెంట ఒకటి నూనె రాసినట్టు జారిపోయాయి. ఒక్కటి కూడా ఒరగలేదు.

మంచాన్ని భుజాల మీద ఎత్తుకుని పట్టాల వెంబడే గద్వాల వైపు నడిచారు. అక్కడ ఇంకో బండైనా దొరకకపోతుందా అని, వేరే దారి లేక. నాలుగో మైలు రాయి దాటాక, దించమని బాలనాగమ్మ అన్నది. దించారు. మళ్ళీ ఎత్తుకున్నప్పుడు గద్వాల వైపు కాదు, వెనక్కి నడిచారు. బిడ్డ కూడా తల్లితోనే పోయింది.

దొర మెచ్చుకున్నట్టు నెల రోజుల్లో కాగితం వచ్చింది. అక్షరాలు వచ్చినవాడు కాబట్టి గ్యాంగుకు దాన్ని చదివి వినిపించవలసిన పని కూడా ఇస్రాయేలు మీదే పడింది. వేలు పెట్టుకుని చివరిదాకా చదివాడు. ఆ కట్ట తర్వాతి వానలకు కూడా కుంగలేదు. పల్లెల జనం కొన్నాళ్ళు గొణిగి, మళ్ళీ గద్వాల దాకా నడవడం మొదలుపెట్టారు.

ఇస్రాయేలు మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, పని మానలేదు. గ్యాంగువాళ్ళు అతన్ని వెనకేసుకుని వచ్చేవాళ్ళు. ఎవరన్నా చేతులెత్తి ఉండవలసింది కదా అంటే, ఎట్లా ఎత్తుతాడు, నొప్పుల్లో ఉన్న మనిషి రెండు చేతులూ పట్టుకుని వదలకపోతే అని కసిరేవాళ్ళు. ఆ మాట లైను పొడుగునా పాకిపోయి అదే నిజమైపోయింది.

ఖాజా మియాకు అసలు సంగతి తెలిసే సరికి చాలా రోజులు పట్టింది. తెలిసిన నాటి నుంచి అతను ఆ కట్ట మీద కూత వేయలేదు. నలభై తొమ్మిదిలో నౌకరీ దిగిపోయే ముందు ఒక మధ్యాహ్నం గద్వాల స్టేషన్లో, ఇంజను నీళ్ళు పట్టుకుంటుండగా, జీతానికి వచ్చిన ఇస్రాయేలును పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బీడీ ఇచ్చాడు. చివరికి అడిగేశాడు.

"ఇస్రాయేలూ, జర సేతులెత్తితే అయిపోతుండె కద. నేను ఆపకపోదునా? ఆమె సేతులు ఇడిపించుకోలేకపోతివా?"

ఇస్రాయేలు బీడీ వెలిగించుకోలేదు. దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

"అందరు గట్లనే అంటరు మియాసాబ్. ఆమె దూరంగ బండి కూత ఇనంగనే సేతులు ఇడిసిపెట్టింది," అన్నాడు. "నేనే పట్టుకొని ఉంటి."