తొలి బిందె నీళ్లు

విజయనగరంలో మా ఇంటికి కుళాయి వచ్చింది నా చిన్నప్పుడే. వచ్చిన రోజు మా నాన్న దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. మా వీధిలో అప్పటికి కుళాయి ఉన్న ఇల్లు మాదొక్కటే. మాకు కిరాణా కొట్టు ఉండేది. కొట్టు వల్ల రాని మర్యాద కుళాయి వల్ల వచ్చిందని మా మామ్మ అనేది. మామ్మంటే మా నాన్నని కన్నతల్లి. ఆవిడ మాటలో ఎప్పుడూ కొంచెం కారం ఉండేది.

అయితే ఆ కుళాయికి బలం లేదు. పైపు చివరికొచ్చేసరికి మా వీధి. అంతదూరం వచ్చిన నీళ్లు నీరసించిపోయి, తిప్పితే ముక్కు కారినట్టు కారేవి. ఊళ్లో అందరూ చేసిన పనే మా నాన్నా చేశాడు. ఇంటి ముందు, మురిక్కాలవ పక్కనే నడుము లోతు గొయ్యి తవ్వించి, పైపుని కిందికి వంచి, కుళాయిని గోతి అడుగుకి దించాడు. కిందికి దించితే నీళ్లు జోరుగా వస్తాయి. వచ్చాయి కూడా. గోతికి మెట్లు కట్టించాడు, బిందె పెట్టుకోడానికి రాయి వేయించాడు. ఇక తెల్లవారేసరికి మా ఇంటి ముందు బిందెల వరస.

ఆ వరసకి ఒక పద్ధతి ఉండేది. తొలి బిందె మాది. ఎవరి చెయ్యీ తగలకముందే నాన్న స్నానం చేసి తడిబట్టతో గోతిలోకి దిగి, బిందె మూతికి ఉతికిన తెల్లగుడ్డ కట్టి, ఆ నీళ్లు పట్టేవాడు. అవి దేవుడి గదికీ, మేము తాగడానికీ. మా తర్వాత మా బంధువుల ఇల్లు, ఆ తర్వాత తక్కిన కొట్ల వాళ్లు. అందరివీ అయ్యాక, ఇంక నీళ్లు ఆగిపోతాయనగా, వీధి చివర పాకలో ఉండే చేపలమ్మే ఆవిడ. ఆవిడ బిందె కుళాయికి తగలకూడదు. కొంచెం దూరంగా పెట్టి పట్టుకునేది. సగం నీళ్లు బయటే పోయేవి. ఏనాడూ ఏమీ అనేది కాదు. అంటే ఆ సగం కూడా ఉండవని ఆవిడకి తెలుసు.

గొయ్యి తోడడం నా పని. పొద్దున్న నీళ్లు ఆగిపోయాక కుళాయిని ఎవరూ కట్టేవారు కాదు, గోతిలో రోజంతా ఊట ఊరేది. మర్నాడు తెల్లారేసరికి కుళాయి మూతి ఆ ఊటలో మునిగి ఉండేది. నేను డబ్బాతో తోడి కాలవలో పోసి, అడుగు గుడ్డతో తుడిచి, కుళాయిని చింతపండు పెట్టి తోమేదాన్ని. నన్ను బడికి పంపకపోవడానికి ఈ పనే కారణం. పొద్దున్న నీళ్లు, తర్వాత చంటి తమ్ముడు. అక్షరాలు నాకు మనవలు పుట్టాక వచ్చాయి, అది వేరే సంగతి. గొయ్యిని మాత్రం అద్దంలా ఉంచేదాన్ని. నాన్న చూసి తలూపేవాడు. కంటికి శుభ్రంగా కనపడితే శుభ్రమేనని ఇంటిల్లిపాదీ అనుకున్నాం.

ఆ ఏడు వానలు మొదలయ్యాక తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. వాడికి అప్పుడే మాటలొస్తున్నాయి. నన్ను "అప్పా" అని పిలిచేవాడు. ముందు ఆ పిలుపు ఆగిపోయింది. తర్వాత ఏడుపు ఆగిపోయింది.  కళ్లు లోపలికి పోయాయి. పొట్ట మీద చర్మాన్ని వేళ్లతో పట్టి వదిలితే అది అలాగే నిలబడిపోయేది. డాక్టరు వచ్చి చూసి పొట్లాలు ఇచ్చాడు. నీళ్లు బాగా తాగించమన్నాడు, కాచి చల్లార్చి పట్టమన్నాడు, రేపటికి తేరుకోకపోతే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలన్నాడు. ఆయన గడప దాటగానే, మా ఇంట్లోవి మడితో పట్టిన తొలి నీళ్లు, వాటిని కాచేదేమిటని నాన్న అన్నాడు. అమ్మ చెంచాతో ఆ నీళ్లే పట్టింది. పట్టిన కొద్దీ పోయేవి.

మామ్మ వాణ్ణి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని వీధిలోకి చూస్తోంది. వాన వెలిసింది. చేపలావిడ పిల్లలు కాలవలో కాళ్లు పెట్టుకుని కేరింతలు కొడుతున్నారు. చిన్నది మట్టి తింటోంది. మామ్మ చాలాసేపు వాళ్లనే చూసింది. తర్వాత నన్ను పిలిచి, మన కుళాయి నీళ్లు తాగే ప్రతి ఇంటికీ వెళ్లి, ఎవరికి కడుపు బాగోలేదో కనుక్కుని రమ్మంది. నేను వెళ్లాను. కొందరు నవ్వారు. మా కడుపుల లెక్క మీ మామ్మకి దేనికే అని ఒకావిడ తలుపు దగ్గరే నిలబెట్టి అడిగింది. అయినా అన్ని ఇళ్లూ తిరిగాను. మా తర్వాత బిందె పట్టే బంధువులింట్లో ఇద్దరు పిల్లలు పడుకుని ఉన్నారు. ఆ తర్వాతింట్లో ముసలాయనకి కొంచెం నలతగా ఉంది. అక్కణ్ణించి కిందికి ఎవరికీ ఏమీ లేదు.

నాన్న భోజనానికి వచ్చినప్పుడు మామ్మ ఆ మాట ఎత్తింది.

"వరసలో ముందున్నోలకే వచ్చింది. ఎనకనున్నోలకి రాలేదు. ఏటిది, సెప్పు."

నాన్నకి కోపం వచ్చింది. మడితో పట్టిన నీళ్లని తప్పు పడతావా అన్నాడు. ఇది దిష్టి అన్నాడు. ఆ చేపల మనిషి రోజూ చివర నిలబడి పిల్లాణ్ణి చూస్తూ ఉంటుందనీ, రేపటి నుంచి ఆవిణ్ణి గోతి దగ్గరికి రానివ్వననీ అన్నాడు. అమ్మ కంచం ముందు నుంచి లేచి లోపలికి వెళ్లిపోయింది. మామ్మ మాత్రం నాన్న కొట్టుకి వెళ్లేదాకా ఆగి, చెంబు తీసుకుని, నా చెయ్యి పట్టుకుని వీధి చివరికి నడిచింది.

ఆ పాక ముందు మా మామ్మ నిలబడడం అదే మొదలు. చేపలావిడ గంప కడుగుతోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది గానీ కొంగు సర్దుకోలేదు. మామ్మ చెంబు చాపి, మీ బిందెలో నీళ్లు కాసిని కావాలంది. ఆవిడ చెంబు వంక చూసింది, మామ్మ వంక చూసింది.

"మా బిందిలో నీలు మీ ఇంటికొస్తే మీ దేవుడికి వాసన రాదేటి, సావుకారమ్మా?"

"దేవుడికి జలుబు సేసిందిలే. పొయ్యి."

ఆవిడ నవ్వలేదు. మీ చంటి గుంటడికి ఎలా ఉందని అడిగింది. మామ్మ చెప్పబోయి చెప్పలేకపోయింది. మా మామ్మకి మాట రాకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. చేపలావిడ లోపలికి వెళ్లి చెంబు కాదు, బిందే తెచ్చి నా నెత్తిన పెట్టింది. తన పిల్లలకి ఆ పూటకి ఏం మిగిలిందో నాకు తెలీదు.

మామ్మ ఆ నీళ్లు గిన్నెలోకి ఒంపి, బిందెని నాచేత తిప్పి పంపి, తెర్లేదాకా కాచి, చల్లార్చి, ఉప్పూ పంచదారా కలిపి అమ్మ చేతికిచ్చింది. ఎక్కడివో అమ్మకి తెలుసు. తలెత్తకుండా తీసుకుని పట్టింది. అప్పటికి సాయంత్రమైంది. ఈ పూట గడిచినా రేపు పొద్దున్న నాన్న మళ్లీ తొలి బిందె పడతాడు. ఆ నీళ్లే పిల్లాడి నోట్లో పోస్తాడు. చేపలావిణ్ణి తరిమేస్తాడు. ఇంక మంచి నీళ్లు ఎక్కడివి? మామ్మ నన్ను కొట్టుకి పంపి, బట్టలకి పెట్టే నీలిమందు పొట్లాం తెప్పించింది. నాన్న దేనికని అడిగితే పంచెలకి అని చెప్పమంది. చెప్పాను. చీకటి పడకముందే ఆవిడ గోతిలోకి దిగి, కుళాయి మూతి మునిగి ఉన్న ఊటలో ఆ నీలిమందంతా కలిపేసింది.

తెల్లారక ముందే నన్ను లేపింది. తమ్ముడు కదలకుండా పడుకుని ఉన్నాడు, అయితే రాత్రి తాగింది కొంత వాడి ఒంట్లో నిలిచిందని అమ్మ అంది. నేను ఆ నీలం నీళ్లు తోడి పోశాను. అడుగు తుడిచాను, గోడలు తుడిచాను. కుళాయి మూతి లోపల వేలు పెట్టి మరీ తోమాను. మామ్మ దీపం పట్టి చూసి, ఇంకోసారి తోమమంది. నాన్న వచ్చేసరికి గొయ్యి ఎప్పటిలాగే అద్దంలా ఉంది. వీధి వాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు. చేపలావిడ చివర్న ఉంది. ఇంకా ఎవరూ ఆవిణ్ణి వెళ్లిపొమ్మనలేదు. నాన్న ముందు నీళ్లు పట్టుకుని ఆ తర్వాత అందామనుకున్నట్టున్నాడు.

నాన్న దిగాడు. బిందె మూతికి తెల్లగుడ్డ కట్టాడు. కుళాయి ముందు బుసబుసమంది, గాలి వచ్చింది, తర్వాత నీళ్లు ఒక్కసారిగా దూకాయి.  ఏమీ కాకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. గుడ్డ తడిసింది. మొదట ఏమీ కనపడలేదు. తర్వాత గుడ్డ మధ్యలో ఒక మరక లేచి, చూస్తూండగా చుట్టూ పాకింది. ఆకాశం రంగు. నాన్న బిందె పక్కకి తీశాడు, గుడ్డ విప్పి వెలుతురుకి పెట్టి చూశాడు. కుళాయి మూతి చూశాడు, గోడలు చూశాడు. ఎక్కడా నీలం లేదు.

మామ్మ గట్టు మీద నిలబడి అంది.

"నిన్న సాయంత్రం గోతిలో ఊటలో నాను కలిపేను. పొద్దున్న తోడించేసేను. మరది పైపులోకెలా ఎల్లిందిరా? నీలు ఆగిపోయినప్పుడు ఆ పైపు ఈ ఊటని తాగతన్నాది. కాలవలోంచి ఊరిందది. పొద్దున్నే ముందు కక్కేది దాన్నే. నువ్వు మడి కట్టుకుని పడతన్నావు."

నాన్న మెట్లెక్కి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నీళ్లు రాయి మీద పడి వృథాగా పోతున్నాయి. మామ్మ ఇంకో తెల్లగుడ్డ నా చేతికిచ్చి, వరస కదలమంది. ఒకరి తర్వాత ఒకరు పట్టుకున్నారు. రెండో బిందె మీద గుడ్డ లేత నీలం తిరిగింది. మామ్మ దాన్ని ఉతికించి మళ్లీ మళ్లీ కట్టించింది. చివరికి చేపలావిడ బిందె మీద కట్టిన గుడ్డ మల్లెపువ్వులా వచ్చింది. నాన్న ఆ గుడ్డ చూశాడు. అప్పుడు అరుగు మీద నుంచి దిగి వచ్చి, ఆ బిందెని తన చేత్తోనే కుళాయికి ఆనించి నింపాడు. నింపి, ఈ నీళ్లు మా అబ్బాయికి ఇస్తావా అని ఆవిణ్ణి అడిగాడు. ఆవిడ నిండిన బిందె వంక చూసింది, నాన్న వంక చూసింది. వీధంతా చూస్తోంది. ఆ కాసేపూ నా తమ్ముడి ప్రాణం ఆవిడ నోట్లో ఉన్నట్టు అనిపించింది నాకు.

"పట్టుకెల్లండి. బింది మాత్రం పంపీయండి, నాకున్నది అదొక్కటే" అంది.

నాన్న ఆ బిందె భుజాన ఎత్తుకుని వంటింట్లోకి తీసుకెళ్లాడు. అమ్మ పొయ్యి వెలిగించింది. ఆ పొద్దంతా చెంచా చెంచా పట్టారు. పెద్దాసుపత్రికి బండి కూడా మాట్లాడి సిద్ధంగా ఉంచారు. మధ్యాహ్నానికి వాడు ఉచ్చ పోసుకున్నాడు. అమ్మ ఆ తడిగుడ్డ పట్టుకుని ఏడ్చింది. ఎండిపోయిన పిల్లాడు ఉచ్చ పోశాడంటే అంతకన్నా శుభం లేదు. సాయంత్రానికి కళ్లు తెరిచి నా జుట్టు పట్టుకుని లాగాడు. బండిని వెనక్కి పంపేశారు.

మర్నాడు నాన్న గొయ్యి పూడ్పించాడు. కుళాయిని మళ్లీ పైకి లేపి, మూతికి బిరడా పెట్టించాడు. నీళ్లు మళ్లీ ముక్కు కారినట్టే కారాయి. వీధంతా సణిగింది. మొదట వచ్చిన నీళ్లు అరటిచెట్టుకి పోయించేవాడు. వరస మాత్రం చాలాకాలం అలాగే ఉంది. అంత త్వరగా మనుషులు మారరు, మారారని నేను అబద్ధం చెప్పను. చేపలావిడ బిందె కుళాయికి ఆనించి పట్టుకునేది, అంతవరకే మారింది.

తమ్ముడికి ఇప్పుడు మనవలున్నారు. మా ఇళ్లకి క్యాన్లలో నీళ్లు వస్తాయి. ఆ క్యాన్ ఎవరు కడిగారో, ఎక్కడ నింపారో ఎవరూ అడగరు. మూతకి సీలుంది కదా అంటారు. ఎవరింట్లోనైనా పిల్లలకి కడుపు బాగోలేదని తెలిస్తే, నేను మందు పేరు అడగను. ఏ నీళ్లు తాగుతున్నారని అడుగుతాను. తర్వాత, మీరు ఎప్పుడూ గడప తొక్కని ఇంట్లో పిల్లలు ఎలా ఉన్నారని అడుగుతాను. మొదటిది డాక్టర్లు కూడా అడుగుతారు. రెండోది మా మామ్మ నాకిచ్చి పోయింది.