త్రిఫాన్ ఒప్పుకున్న జైలు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా ఒక్క మాట మాత్రం ఇన్నేళ్ళు దాచాను. ఇది చదివేవాళ్ళు మా ఊరివాళ్ళు కారు గనక ఇప్పుడు చెబుతున్నాను.

మా పక్కింటి త్రిఫాన్ తొమ్మిదేళ్ళు ఇటలీలో ఉండి వచ్చాడు. కాగితాల్లేకుండానే ఉన్నాడు. మా మోల్దోవా నుంచి అప్పట్లో సగం మంది అలాగే వెళ్ళారు, మా లెక్కన అదేమీ తప్పు కాదు. ఒకరోజు బస్సులో పోలీసులు పట్టుకుని, దేశం వదిలి పొమ్మని చేతిలో కాగితం పెట్టారట. ద్రాక్ష కోతల వేళ ఒక్క సంచీతో దిగాడు. ఇంట్లోకి వెళ్ళినవాడు మూడు రోజులు గడప దాటి రాలేదు.

నాకు వాడంటే ఒళ్ళు మండిపోయేది. వాడి నాన్న నికీఫోర్ పదకొండు నెలలు మంచాన ఉండి కన్నుమూశాడు. పెళ్ళాం ముందే పోయింది, ఉన్న ఒక్క కొడుకూ రాలేదు. వస్తే మళ్ళీ అటు పోనివ్వరని మాకు తెలుసు. తెలిసినా తిట్టుకున్నాం. ముసలాయనకి సంకటి తినిపించింది నేను, ఒళ్ళు తుడిచింది నేను, శవపేటిక వెనక నడిచింది నేనూ మా ఆయన జహారియా. ఫోనులో మాత్రం “నిద్రలోనే పోయాడురా, ఏ బాధా పడలేదు” అన్నాను. అంత దూరాన ఉన్నవాడికి ఇంకేం చెబుతాం?

ఇటలీలో తాపీపని చేస్తున్నానని వాడు ఫోను చేసి గంటసేపు మాట్లాడినప్పుడల్లా చెప్పేవాడు. అందుకే చర్చి పండుగ ముందు ప్రహరీకి సిమెంటు పూయడానికి మగవాళ్ళంతా చేరినప్పుడు మేస్త్రీ పంతెలేయ్ వాణ్ణి పిలిపించాడు. అలాంటి పనికి రానంటే మా ఊళ్ళో పరువు దక్కదు. వచ్చాడు. తాపీ చేతికిస్తే, జబ్బుమనిషికి గంజి తాగించే చెంచా పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. వేసిన సిమెంటు వేసినట్టే జారి వాడి బూట్ల మీద పడింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ పడింది.

“ఇటలీలో గోడల్ని పడుకోబెట్టి కడతారేంట్రా?” అన్నాడు పంతెలేయ్. అందరూ విరగబడి నవ్వారు. “నిజం చెప్పు. తొమ్మిదేళ్ళు గోడలు కట్టావా, నాలుగు గోడల మధ్య కూర్చున్నావా?”

నవ్వులు ఆగిపోయాయి. త్రిఫాన్ వంగి బూట్లు తుడుచుకుంటూ, “కూర్చున్నాననే అనుకో మామా” అన్నాడు.

సాయంత్రానికల్లా వాడు జైల్లో ఉండి వచ్చాడని ఊరంతా పాకిపోయింది. దొంగతనమని కొందరు, కత్తిపోటని కొందరు. ఇంటింటికీ మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను, అబద్ధమెందుకు. జైల్లో ఉన్నవాడు అంతేసి సేపు ఫోను ఎలా చేశాడని ఒక్కరికీ తోచలేదు. నిజానికి నా కోపం కాస్త తగ్గింది కూడా. సంకెళ్ళలో ఉన్నవాడు తండ్రి దగ్గరికి ఎలా వస్తాడులే అనుకున్నాను.

ఆ చలికాలం మా ఆయనకి పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున్నే, పక్క మార్చబోయి ఆ మనిషిని కదపలేక మంచం పక్కన కూలబడి ఏడుస్తున్నాను. పొయ్యిలోకి కట్టెలు తెచ్చిన త్రిఫాన్ గుమ్మంలోంచి అది చూశాడు.

“కాస్త తప్పుకో అక్కా.”

వేడినీళ్ళతో చేతులు కడుక్కున్నాడు. జహారియా మోకాలు మడిచి, భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టి కుదుపు లేకుండా తిప్పేశాడు. దుప్పటి చుట్టి వీపుకి దన్నుగా పెట్టాడు. బట్టలు విప్పి శుభ్రం చేశాడు. “ఇప్పుడు తడి తగులుతుంది బావా, చల్లగా ఉండదులే” అంటూ మాట్లాడుతూనే ఉన్నాడు. మా ఆయన మహా రోషగాడు, ఆ పనికి నన్నే దగ్గరికి రానివ్వలేదు. వాడి చేతుల్లో మాత్రం చంటిపిల్లాడిలా ఊరుకున్నాడు.

“ఇది జైల్లో నేర్పరురా” అన్నాను.

వాడు గుడ్డ పిండి మంచం కోడు మీద ఆరేశాడు. “ఒక ముసలాయన, అక్కా. తొమ్మిదేళ్ళూ ఆయన దగ్గరే ఉన్నాను.”

“మరి జైలని ఎందుకు ఒప్పుకున్నావు? ఆడవాళ్ళ పనని సిగ్గా?”

“మొదట్లో అదే సిగ్గు. తాపీపనని అందుకే చెప్పాను. నాన్న పోయాక అది కాదు.” గొంతు తగ్గించాడు. “జైల్లో ఉండి రాలేకపోయాడంటే ఎంతో కొంత క్షమిస్తారు. మా నాన్న ఇక్కడ మీ చేతుల్లో పోతుంటే, నేనక్కడ ఇంకొకళ్ళ నాన్నకి స్నానం చేయిస్తున్నానని తెలిస్తే ఏ ముఖం పెట్టుకుని తిరగను? జైలనే అనుకోనీ. నీకు దణ్ణం పెడతా, ఎవరికీ చెప్పకు.”

నాకు తల కొట్టేసినట్టయింది. చెప్పనన్నాను.

వాడు జహారియా నడుము దగ్గర ఎర్రబడ్డ చోట మెత్తటి గుడ్డతో అద్దుతూ, నా వైపు చూడకుండా అడిగాడు. “మా నాన్నకి పుండ్లు పడ్డాయా అక్కా?”

వాడు ఎప్పుడైనా అడిగితే ఆ పుండ్ల సంగతి ముఖాన కొట్టాలనే దాచుకున్నాను. నికీఫోర్‌కి తుంటి దగ్గర ఎముక కనిపించేది. నేను పొద్దున ఓసారి, చీకటి పడ్డాక ఓసారి వెళ్ళేదాన్ని. మధ్యలో తిప్పాలని నాకు తెలియదు. దేవుడి మీద ఒట్టు, తెలియదు.

“లేవు. ఒక్కటీ లేదు” అన్నాను.

వాడు అద్దడం ఆపలేదు. “రెండు గంటలకోసారి తిప్పకపోతే పడతాయక్కా. ఎవరికైనా పడతాయి” అన్నాడు. గోడ గడియారం వైపు చూశాడు. తొమ్మిదైంది. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను పొయ్యి దగ్గర నిలబడి, ఎప్పుడో ఉడికిపోయిన సంకటిని కెలుకుతూ ఉండిపోయాను. పదకొండింటికి గేటు చప్పుడైంది.