ఈదమ్మ వేసిన చుక్కలు

ఈదమ్మ పట్టుకుంటే కోడి అరవదు. ఎడమ చేత్తో రెండు రెక్కలూ కలిపి ఒడిసిపట్టి, చంకకు ఆనించుకుని, తలను వేళ్ల మధ్య పక్కకు తిప్పుతుంది. కుడి చేతిలోని చిన్న సీసా వంచి కంట్లో ఒక్క చుక్క వేస్తుంది. వేసీ వేయగానే వదలదు. కోడి కన్ను ఆర్పాలి. రెప్ప పడితేనే టీకా మందు లోపలికి పోయినట్టు. ముందే వదిలేస్తే కోడి తల విదిలిస్తుంది, మందు కాస్తా నేలపాలవుతుంది.

ఈ పని ఆమెకు నేర్పింది ఇశ్రాయేలు అనే ముసలాయన. ఈదమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల కోళ్ల ఫారాల్లో ఎరువు ఎత్తడానికి పోయేది. ఇశ్రాయేలు ఫారం ఫారం తిరిగి టీకాలు వేసేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక తన సీసా ఆమె చేతికిచ్చి, "నీకు తొందర లేదు బిడ్డా. గీ పనికి గదే కావాలె" అన్నాడు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఆమెకు చాలా కాలం తెలియలేదు. ఇంట్లో అత్త కూడా అదే మాట అని తిట్టేది మరి.

ఇప్పుడు ఆమె వెంట నలుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. భర్త ఎల్లేశ్ తన ఆటోలో అందరినీ ఎక్కించుకుని నాదర్‌గుల్ దాకా కూడా తీసుకుపోయి దించుతాడు. వేసిన కోడి ఏదో, వేయనిది ఏదో తెలియడానికి మందులో నీలి రంగు కలుపుతారు. సాయంత్రానికి అందరి వేళ్లూ నీలమైపోతాయి. సబ్బుతో ఎంత రుద్దినా ఆ రంగు ఓ పట్టాన వదలదు. తిరిగి వచ్చే బస్సులో ఎవరైనా వింతగా చూస్తే, "మేం కోళ్ల డాక్టర్లం" అని నవ్వుతారు.

మొన్నటి వానాకాలంలో హన్మంత్ ఫారంలో చిక్కు వచ్చిపడింది.

హన్మంత్‌ది ఊరి బయట రెండు షెడ్ల ఫారం. గుడ్ల కోళ్లు. పెట్టలకు దగ్గు జబ్బు రాకుండా ఈదమ్మ వాళ్లే చుక్కలు వేసి వచ్చారు. అవి గుడ్లకు వచ్చిన కొన్నాళ్లకే తుమ్మడం మొదలుపెట్టాయి. గొంతులో నీళ్లు పెట్టుకుని పుక్కిలిస్తున్నట్టు షెడ్డంతా గురగుర. గుడ్లు తగ్గాయి. వచ్చినవి కూడా కొన్ని ముడతలు పడి, కొన్ని పెంకే లేకుండా మెత్తగా తోలుగుడ్లుగా వచ్చాయి.

హన్మంత్ కబురు పెట్టి పిలిపించి, భార్య నిర్మల ముందే అడిగాడు.

"చుక్క సక్కగ ఏస్తే గిట్లెందుకైతది? ముచ్చట్లు పెట్టుకుంట ఏసిన్రు మీరు."

"ముచ్చట్లు నోటితోని పెట్టినం పటేలా. చుక్క చేతితోని ఏసినం" అంది ఈదమ్మ.

నిర్మల కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. హన్మంత్‌కు ఆ నవ్వు మరీ మండింది. ఆ కోపం తీసుకుపోయి సాగర్ రోడ్డు మీది దాణా దుకాణంలో కక్కాడు. ఫారాలవాళ్లంతా చేరే చోటది. "ఈదమ్మ చేతిల పని ఇంక పాత తీర్గ లేదు, ఆగమైంది" అన్నాడట. ఆ తర్వాత ఆమె ఫోను మోగడం తగ్గిపోయింది. వెంట తిరిగే ఆడవాళ్లు కొద్ది రోజులు చూసి, "ఏమనుకోకక్కా" అంటూ ఒకరు టమాటా తోటకు, ఒకరు హయత్‌నగర్‌లో ఇళ్ల పనికి కుదిరారు.

బయటికి ధీమాగా మాట్లాడింది కానీ ఈదమ్మ లోపల వేరే బాధ ఉంది. ఆ రోజు హన్మంత్ ఫారానికి పోతుంటే దారిలో వాన నీళ్లు నిలిచి ఎల్లేశ్ ఆటో ఆగిపోయింది. మళ్లీ కదిలేసరికి మందు పెట్టెలోని మంచు చాలా మట్టుకు కరిగింది. వేడి తగిలితే టీకా పనిచేయదు. సీసా ముట్టుకుంటే చల్లగానే ఉంది. చల్లగానే ఉందా? తలచుకునే కొద్దీ ఆ చల్లదనం తన వేళ్లకు నిజంగా తగిలిందో, తగలాలని తానే అనుకుందో తేలకుండా పోయింది.

ఈలోగా పశువుల డాక్టరు చెబితే సాయిశ్రీ అనే అమ్మాయి హన్మంత్ ఫారానికి వచ్చింది. కోళ్లకు దగ్గు తెచ్చే వైరస్ మీద పరిశోధన చేస్తోంది. జబ్బు చేసిన ఫారాలకు తిరిగి, కోళ్ల గొంతులోంచి దూదిపుల్లతో తేమ తీసుకుని, అందులోని వైరస్ జన్యువులను చదవడం ఆమె పని. కోళ్లను పట్టడానికి మనిషి కావాలంది. నిర్మల మొగుణ్ని అడగకుండానే ఈదమ్మకు ఫోను చేసింది.

"పటేల్ ఏమంటడో నిర్మలక్కా."

"ఆయన అనేది ఆయన అంటడు. నువ్వు రా. ఆయన పట్టుకుంటే కోళ్లు లొల్లికే సస్తయ్."

ఈదమ్మ కోడిని పట్టి ముక్కు తెరిచి చూపితే, సాయిశ్రీ పుల్లతో గొంతులో మెల్లగా తిప్పి తీసి గొట్టంలో వేసేది. నాలుగైదు కోళ్లు అయ్యేసరికి ఇద్దరికీ చేయి కుదిరింది. హన్మంత్ వాకిట్లో కుర్చీ వేసుకుని, చూడనట్టు చూస్తున్నాడు.

"గీ పుల్లకు అంటిన దాంట్ల ఏం చదువుతవ్ బిడ్డా?" అడిగింది ఈదమ్మ.

సాయిశ్రీ గొట్టానికి మూత బిగించింది. "అక్కా, మీ ఊర్ల పాడే బతుకమ్మ పాట, మీ అమ్మగారి ఊర్ల పాడేది ఒక్కతీర్గనే ఉంటదా?"

"పాట ఒక్కటే. నడుమ నడుమ మాటలు మారుతయ్. కొత్త కోడలు నోరు తెరిస్తే చాలు, ఏ దిక్కు పిల్లనో చెప్తం."

"వైరస్ కూడ గంతే. ఒక కోడి నుంచి ఇంకో కోడికి పోయేటప్పుడు దాని పాటల ఒక మాటో అర మాటో మారుతది. గా మాటలు చదివితే ఏది దేని చుట్టమో తెలుస్తది."

ఈదమ్మ చేతిలోని కోడి కాళ్లు తన్నుకుంది. ఆమె దాన్ని సవరించుకుంది. అడగకుండా ఉంటే ఎవరికీ తెలియదు. అయినా అడిగింది, వాకిట్లోకి వినబడేటట్టే.

"మరి టీకా ఏసిన నాడు మా పెట్టెల మంచు కరిగింది. మందు పాడైందంటే గది కూడ తెలుస్తదా?"

హన్మంత్ కుర్చీ కిర్రుమంది. "చూసినవా నిర్మలా! నేను చెప్పలేదా?"

"జర ఆగుర్రి సార్," అంది సాయిశ్రీ. "అక్కా, మంచు సంగతి నేను చెప్పలేను. కానీ ఈ కోళ్లల్ల ఉన్న వైరస్ టీకాకు దగ్గరి చుట్టమైతే, టీకా దాన్ని ఆపాలె. ఆపలేదంటే మందు పాడైందో, చుక్క సరిగ్గ పడలేదో అని అనుమానం వస్తది. చుట్టం కాకుంటే మాత్రం ఎంత మంచిగ ఏసినా అది ఆగేది కాదు."

ఈదమ్మ సరేనని తలూపి తర్వాతి కోడిని పట్టింది.

ఆ తర్వాత ఎదురుచూపే. ఎల్లేశ్ ఓదార్చబోయి, "తప్పైతే నా ఆటోది అని చెప్పు, నీ చెయ్యిది కాదని చెప్పు" అనేవాడు. "ఆటోను ఎవలు పనిలకెల్లి తీసేస్తరు?" అనేది ఆమె. ఇద్దరూ నవ్వుకునేవారు కానీ, ఖాళీ మందు పెట్టె ఆమె కంటికి కనబడకుండా అతను దాన్ని అటక మీద పెట్టేశాడు.

సాయిశ్రీ మళ్లీ వచ్చిన రోజు నిర్మల అందరికీ చాయ్ పోసింది. ఈదమ్మ గుమ్మం పక్కన నిలబడి గ్లాసు పట్టుకుంది కానీ తాగలేదు.

"టీకాకు ఇది చుట్టం కాదు," అంది సాయిశ్రీ. "చాన దూరం. ఆ చుక్కలు దీన్ని ఆపలేవు. ఇది ఈదమ్మక్క చేతిల లేదు, మంచుల లేదు."

ఈదమ్మ గ్లాసు కింద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటేమీ పట్టలేదు.

"మరి యాడికెల్లి వచ్చిందది?" అన్నాడు హన్మంత్.

"మన్నెగూడ దిక్కు ఒక ఫారంల తీసినదానికి, దీనికి ఒక్క మాట కూడ తేడా లేదు."

"నేను ఆ దిక్కు మొకమే చూడలే!"

"నువ్వు చూడలే," అంది నిర్మల. "మరి గుడ్ల ట్రేలు తక్కువ పడితే గా దిక్కు నుంచి పాత ట్రేలు తెప్పిచ్చింది ఎవలు? పారేసేటియి, ఊకెనే ఇచ్చిన్రని సంబురపడ్డవ్ గద?"

హన్మంత్ మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు.

"ట్రేలే అని నేను చెప్పలేను," అంది సాయిశ్రీ. "పాట ఏ ఊరిదో చెప్తా గాని, ఏ బస్సెక్కి వచ్చిందో చెప్పలేను. ట్రేలకైనా, చెప్పులకైనా, బట్టలకైనా అంటుకొని రావచ్చు. ఇగ దీనికి పనికొచ్చే టీకా ఏదో డాక్టర్‌తోని మాట్లాడి చెప్తా."

ఆమె వెళ్లాక హన్మంత్ లేచి అటు నడిచాడు, ఇటు నడిచాడు. చివరికి ఈదమ్మ వైపు చూడకుండానే, "కొత్త టీకా వస్తే నువ్వే రావాలె" అన్నాడు.

"వస్తా పటేలా. కానీ నన్ను అన్న మాట యాడ అన్నవో, గీ మాట గాడనే చెప్పు."

"దుకాణంలనా?"

"అవ్. గాడనే. ఎల్లేశ్ బయట ఆటో పెట్టిండు, దాంట్లనే పోదాం."

నిర్మల తాళం చెవి చేతబట్టుకుని అప్పటికే బయటికి వచ్చింది. "నేనూ వస్త. గిది చూడకుంటే ఎట్ల?"

దాణా దుకాణంలో ఫారాలవాళ్లు కొందరు బస్తాల మీద కూర్చుని ఉన్నారు. హన్మంత్ గొంతు సవరించుకుని, వాన గురించి మాట్లాడి, దాణా రేటు గురించి మాట్లాడి, నిర్మల దగ్గడంతో అసలు మాటకు వచ్చాడు. "నా కోళ్ల సంగతిల ఈదమ్మ తప్పేం లేదు. వైరసే వేరేదంట. నేనే ఊకె అన్న."

"పెద్దోనివి నువ్వు, తప్పైందని కూడ అంటవా అని చూస్తున్న," అన్నాడు పరమేశ్వర్ అనే నాదర్‌గుల్ రైతు. అందరూ నవ్వారు. "ఈదమ్మా, మా పిల్లకోళ్లకు చుక్కలెయ్యాలె. ఎల్లుండి వస్తవా?"

"వస్తం. కానీ ఒకటి. ఇగ మా బట్టలు, మా చెప్పులతోని షెడ్ల అడుగు పెట్టం. ఎవరి ఫారంల వాళ్లు మాకు విడిగ బట్టలు, చెప్పులు పెట్టాలె. పనైనంక అవి గాడనే ఇడిసి పోతం."

"బట్టల షాపు తెరవాల్నా ఏంది మేము?"

"ఇంట్ల పాతయి లేవా?"

అనుకున్న రోజు పొద్దున ఆటోలో నలుగురు ఆడవాళ్లూ ఉన్నారు. టమాటా తోటకు పోయిన ఆమె అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. పరమేశ్వర్ భార్య తన పాత నైటీలు ఉతికి తీగ మీద ఆరేసి ఉంచింది. ఆవిడ నిలువెత్తు మనిషి. వీళ్లందరికీ అవి నేలమీద ఈడ్చుకుంటున్నాయి. నడుముకు తువ్వాలలు బిగించి పైకి దోపుకుంటూ, ఒకరినొకరు చూసుకుంటూ పగలబడి నవ్వుతున్నారు.

"నవ్వులు ఆపుర్రి. కోళ్లు బెదురుతయ్," అంది ఈదమ్మ, తన పూలపూల నైటీ అంచు సర్దుకుంటూ. మంచు నిండుగా ఉన్న పెట్టె తెరిచి, మొదటి సీసా చెంపకు ఆనించి చూసుకుంది. చల్లగా ఉంది.