గట్టు మీద మిగిలిన చెప్పులు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. చిలకలగూడలో మేముంటున్న అద్దె ఇంటి గురించి చుట్టుపక్కల వాళ్ళు ఏవేవో చెప్పారు. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లోనే హాయిగా నిద్రపోతున్నాను. నాకు భయమంటూ ఉంటే, లైఫ్ జాకెట్ వేసుకుని క్లిప్పులు పెట్టుకోని కస్టమర్ అంటేనే.

అల్వాల్ దాటాక ఉన్న ఒక చెరువులో జహీర్ భాయ్, నేను కలిసి కయాక్‌లు అద్దెకిస్తాం. ఒకరో ఇద్దరో కూర్చుని తెడ్డు వేసుకునే సన్నటి ప్లాస్టిక్ పడవలు అవి. పడవలు భాయ్‌వి, మనుషుల బాధ్యత నాది. ఒకప్పుడు ఆడపిల్లలకు ఈత నేర్పేదాన్ని కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది.

ఎంత విసుగో చెప్పలేను. పొద్దున్నుంచీ అవే మాటలు. జాకెట్ వేసుకుంటే ఫొటో బాగా రాదంటారు. మాకు ఈత వచ్చంటారు. మందు తాగి వస్తారు, పంపనంటే ఓనర్‌ను పిలవమంటారు. గాలి ఎక్కువైందని ఆపితే, తిరుమలగిరి నుంచి ఇంత దూరం వచ్చామని గొడవ. ఇంటికి చేరేసరికి నాకు గొంతు ఉండదు, ఓపికా ఉండదు.

మాకొక పద్ధతి ఉంది. నీళ్ళలోకి వెళ్ళే ప్రతి ఒక్కరూ చెప్పులు గట్టు మీది చెక్క స్టాండ్‌లో విడవాలి. జాకెట్లు ఒకదాని మీద ఒకటి పడి లెక్క తప్పవచ్చు. చెప్పులు మాత్రం మనిషితోనే ఇంటికి వెళ్తాయి. స్టాండ్‌లో ఒక్క జత మిగిలినా మేం ఇంటికి పోకూడదు. ఈ నియమం పెట్టింది నేనే.

ఆ రోజు జనం పెద్దగా లేరు. సాయంత్రానికి అందరూ వెళ్ళిపోయారు. పడవలు బోర్లించాను, జాకెట్లు ఆరేశాను. జహీర్ భాయ్ కనిపించలేదు. మగ్రిబ్ నమాజ్ వేళకు ఆయన చెప్పకుండానే మసీదుకు నడిచి వెళ్ళడం రోజూ ఉన్నదే. అటే పోయి ఉంటాడనుకున్నాను.

తాళం తీసుకుని వస్తుంటే, స్టాండ్ కింది అరలో ఒక జత చెప్పులు కనిపించాయి. చిన్నపిల్లవి. గులాబీ రంగు రబ్బరు చెప్పులు, ఒకదాని పట్టీ తెగితే పిన్నీసు పెట్టారు. తడిగా ఉన్నాయి.

ఆ రోజు పిల్లలెవరూ రాలేదు. ఒట్టేసి చెప్పగలను, అందరికీ జాకెట్లు తొడిగింది ఈ చేతులే. కాస్త ముందే ఆ అర తుడిచాను కూడా. ఎవరో పారేసి పోయారులే అనుకుని గేటు వరకు వెళ్ళాను. కాళ్ళు లాగుతున్నాయి, బస్సు పోతుందని ఆరాటం. కానీ నియమం పెట్టింది నేనే కదా. నన్ను నేనే తిట్టుకుంటూ గేటుకు లోపలి నుంచి గొళ్ళెం వేసి వెనక్కి వచ్చి, పడవ నీళ్ళలోకి దించాను.

ఇంకా కాస్త వెలుతురు ఉంది. పిల్ల కోసం వెతుక్కుంటూ, విజిల్ ఊదుతూ, గుర్రపుడెక్క పేరుకున్న మూలకు వెళ్ళాను. అక్కడ పిల్ల లేదు. బోల్తాపడ్డ పాత పడవను పట్టుకుని జహీర్ భాయ్ ఉన్నాడు. మెడ దాకా నీళ్ళు, ఒంటి మీద జాకెట్ లేదు. కాళ్ళకు తీగలు చుట్టుకుని కదల్లేకపోతున్నాడు. అరిచి అరిచి గొంతు పోయింది.

ఎవరో వదిలేసిన తెడ్డు తేలుతూ కనిపిస్తే తేవడానికి వెళ్ళాడట. మేం వాడుకునే ఆ పాత పడవ అద్దె పడవల లెక్కలో ఉండదు. జాకెట్లు మేం వేసుకోం, చెప్పులు విడవం. వచ్చిన వాళ్ళందరినీ లెక్కపెట్టే మేము మమ్మల్ని ఎన్నడూ లెక్కపెట్టుకోలేదు.

ఆయన్ను గట్టుకు చేర్చేసరికి నా చేతులు పడిపోయాయి. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంట్లో పెళ్ళాం పిల్లలను పెట్టుకుని ఇదేం పని అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన వణుకుతూ అంతా విని, ఒక్కటే అడిగాడు.

"నేను పోయినట్టు ఎవ్వరికి చెప్పలే అక్కా. నీకెట్ల తెల్సింది?"

"స్టాండ్ల చెప్పులున్నయ్ భాయ్."

ఆయన తన బెల్టు చెప్పుల వైపు చూసుకున్నాడు. "నా చెప్పులు నా కాళ్ళకే ఉన్నయ్ గదా."

"నీయి కావు. చిన్నపిల్లయి," అంటూ ఫోన్ లైటు వేశాను. కింది అర ఖాళీగా ఉంది. చెక్క మీద రెండు చిన్న తడి మరకలు మాత్రం ఉన్నాయి. భాయ్ కూడా చూశాడు. గేటుకు నేను వేసిన గొళ్ళెం వేసినట్టే ఉంది.

తర్వాత అక్కడ చేపలు పట్టే వాళ్ళను అడిగాను. ఆ చెరువులో ఏ పిల్లా మునిగిపోయినట్టు వాళ్ళెవరూ వినలేదు. దయ్యం అందామన్నా ఆధారం లేదు. అలిసిపోయి భ్రమపడ్డావంది మా చెల్లెలు. కావచ్చు. మరి భాయ్ చూసిన ఆ తడి?

ఇప్పుడు మేమిద్దరం కూడా చెప్పులు స్టాండ్‌లోనే విడుస్తున్నాం. కస్టమర్ల గొడవలు అలాగే ఉన్నాయి, నా విసుగూ అలాగే ఉంది. సాయంత్రం చివరికి మా రెండు జతలే మిగులుతాయి. తొడుక్కునే ముందు కింది అర ఒకసారి చూస్తాను. ఖాళీగానే ఉంటుంది. మేం లెక్కలో వేసుకోని మనిషిని ఆ రోజు ఎవరో లెక్కలో వేసుకున్నారు. ఎవరన్నది నాకు ఇప్పటికీ తెలియదు.